కంటి మసక, కిడ్నీ మాట: అపోహలు – వాస్తవాలు

మా పెద్దమ్మది మైపాడు వైపు ఊరు. చేటలో బియ్యం పోసుకుని అరుగు మీద కూర్చుందంటే వడ్లగింజలు, మట్టిబెడ్డలు చకచకా ఏరిపారేసేది. ఒక సంక్రాంతికి నేను వెళ్లేసరికి అదే చేటను ఒళ్లో పెట్టుకుని వేళ్లతో తడుముతూ ఏరుతోంది. "కళ్లకు పొర వచ్చుండాది నాయనా. పండినాక తీయించుకుంటాలే" అంది.

అప్పటికే ఒక కళ్లజోళ్ల దుకాణంలో ఏడాదిలో రెండుసార్లు అద్దాలు మార్పించుకుంది. మార్చినప్పుడల్లా పది రోజులు బాగున్నట్టుండి మళ్లీ మసక. పొద్దున లేస్తే కళ్ల కింద సంచుల్లా ఉబ్బు. రాత్రి నిద్ర పట్టలేదని కారణం కూడా తనే చెప్పేది. ఆ ఏడాది పొడుగునా ఆమె చేతికి బీపీ పట్టీ చుట్టినవాళ్లు లేరు. చివరికి ఒక కంటి ఆసుపత్రిలో చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక లోపలికి చూసిన డాక్టరు మొదట అడిగిన మాట, "అమ్మా, నీకు బీపీ ఎంత?" చూస్తే 210/120. కిడ్నీలు రెండూ చాలావరకు దెబ్బతిన్నాయని ఆ వారంలోనే తేలింది.

పోయిన ఆ ఏడాదిని ఎవరూ తిరిగి ఇవ్వలేరు. అందుకే ఇది రాస్తున్నాను. ఇసకపల్లి ఉప్పు మడుల దగ్గర, విడవలూరు రొయ్యల గుంటల గట్ల మీద, వాకాడు వైపు చేపల పల్లెల్లో నేను విన్న మాటలివి. వీటిలో సగం నేనూ నమ్మినవే.

అపోహ: చూపు మందగించిందంటే పొరే. పండేదాకా ఆగి ఆపరేషన్ చేయించుకుంటే సరి.

పొర అంటే శుక్లం. కంటి ముందు భాగంలో ఉండే కటకం తెల్లబారడం. అది పండేదాకా ఆగే రోజులు ఎప్పుడో పోయాయి, పనికి అడ్డం వస్తుంటే తీయించుకోవచ్చు. అయితే మసకలన్నీ పొరలు కావు. కంటి వెనక గోడను అంటిపెట్టుకుని రెటీనా అనే పల్చని తెర ఉంటుంది. కోత పెట్టకుండా, బతికున్న మనిషి సన్నటి రక్తనాళాలను అంత స్పష్టంగా చూడగల చోటు ఒంట్లో మరొకటి లేదు. బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు తమ గుర్తులను అక్కడ వదిలిపెడతాయి.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్, కిడ్నీ జబ్బున్నవాళ్లకు చూపు పోవడాన్ని 1836లోనే గమనించాడు. అప్పటికి కంటి లోపలికి చూసే సాధనమే లేదు. అది 1851లో జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ చేతి మీదుగా వచ్చింది. 1939లో అమెరికాలో కీత్, వేగనర్, బార్కర్ అనే ముగ్గురు వైద్యులు బీపీ వల్ల రెటీనాలో వచ్చే మార్పులను నాలుగు మెట్లుగా విడదీశారు. సరైన మందులు లేని ఆ కాలంలో నాలుగో మెట్టుకు చేరినవాళ్లలో ఎక్కువమంది ఏడాది కూడా బతకలేదు.

మా పెద్దమ్మ కన్ను ఆ నాలుగో మెట్టు మీదే ఉంది. డాక్టరు తెర మీద ఆ ఫొటో చూపించాడు. నారింజరంగు నేల మీద ఎర్రటి గీతల్లా నెత్తురు మరకలు, అక్కడక్కడా దూదిపింజల్లాంటి తెల్లటి మచ్చలు. కంటి నరం మొదలు ఉబ్బి, అంచులు చెరిగిపోయి ఉన్నాయి. దీన్ని ఏ కళ్లద్దం సరిచేస్తుంది?

అపోహ: కిడ్నీ నడుం దగ్గర, కన్ను ముఖంలో. దానికీ దీనికీ సంబంధమేంది?

ఒక్కో కిడ్నీలో రమారమి 10 లక్షల జల్లెడలుంటాయి. ఒక్కో జల్లెడ వెంట్రుక కంటే సన్నని రక్తనాళాల ఉండ. రెటీనా బతికేదీ అలాంటి సన్నని నాళాల మీదే. రక్తంలో చక్కెర, బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే రెండు చోట్లా గోడలు కారడం, మూసుకుపోవడం మొదలవుతుంది. కిడ్నీ దెబ్బతింటే బీపీ పెరుగుతుంది, ఆ బీపీ కిడ్నీని ఇంకా దెబ్బతీస్తుంది, నెత్తురు కూడా తగ్గుతుంది. ఈ మూడింటి బరువూ కంటి మీద పడుతుంది. కిడ్నీ చాలావరకు పాడయ్యేదాకా నొప్పంటూ చెప్పదు. కన్ను ఎన్నోసార్లు అంతకు ముందే చెబుతుంది.

ఈ బంధం ఎంత గట్టిదంటే, షుగర్ మనిషికి కిడ్నీ చెడి రెటీనా మాత్రం శుభ్రంగా ఉంటే, కిడ్నీ డాక్టర్లు షుగర్‌ను ఒక్కదాన్నే తప్పుపట్టి ఊరుకోరు, వేరే కారణం ఉందేమోనని వెతుకుతారు. పెద్దవయసులో వచ్చే షుగర్ ఉందని తెలిసిన రోజే రెటీనా పరీక్ష చేయించాలి, ఆ తర్వాత ఏడాదికొకసారి. చూపు బాగున్నా సరే. మచ్చలు పడే కాలంలో చూపు బాగానే ఉంటుంది కాబట్టి చూపును నమ్ముకోకూడదు.

పుట్టుకతోనే ఈ రెండింటినీ కలిపే జబ్బులూ ఉన్నాయి. ఆల్పోర్ట్ సిండ్రోమ్ అనే జబ్బులో కిడ్నీ జల్లెడలకు, కంటి కటకపు తొడుగుకు, లోపలి చెవికి కావలసిన ఒకే రకం కొలాజెన్ తయారీలో లోపం ఉంటుంది. పిల్లవాడి మూత్రంలో రక్తం, వినికిడి తగ్గడం, అద్దాల పవరు మాటిమాటికీ మారడం మూడు వేరువేరు ముచ్చట్లుగా మూడు ఆసుపత్రులకు తిరుగుతారు. ఇలాంటి జబ్బుల్లో కొన్ని తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే బయటపడతాయి. మేనరికాలు ఇంకా జరుగుతున్న ఇళ్లలో ఆ అవకాశం ఎక్కువ. మేనమామకో తాతకో చిన్నవయసులోనే కిడ్నీలు పోయాయని తెలిస్తే ఆ సంగతి కంటి డాక్టరుకూ చెప్పండి.

అపోహ: పొద్దున్నే కళ్లు ఉబ్బితే నిద్ర చాలకే. పిల్లలకైతే పురుగు కుట్టింది.

రెప్పల చర్మం చాలా పల్చన. ఒంట్లో చేరిన నీరు పడుకున్నప్పుడు ముందు అక్కడ నిలుస్తుంది. పొద్దున ఉబ్బి సాయంత్రానికి తగ్గడం, మూత్రంలో నురగ గిన్నెలు తోమిన సబ్బునీళ్లలా చాలాసేపు నిలవడం కలిసి కనిపిస్తే అది ప్రోటీన్ కారిపోతున్న గుర్తు. ఇలా ప్రోటీన్ కారిపోయే నెఫ్రోటిక్ సిండ్రోమ్ వచ్చిన పిల్లలను చాలాసార్లు ముందు అలర్జీ చుక్కల కోసమే తీసుకొస్తారు. మూత్రంలో ఒక పట్టీ ముంచితే రెండు నిమిషాల్లో తేలిపోయే సంగతిది. వైద్యం మొదలయ్యాక స్టెరాయిడ్లు నెలల తరబడి వాడాల్సి వస్తే, వాటివల్ల శుక్లం, నీటికాసులు రావచ్చు. అలాగని మాత్రలు మానేయకూడదు. ఆ పిల్లలకు మధ్యమధ్యలో కంటి ఒత్తిడి కొలిపిస్తుండాలి. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకూ ఇదే మాట.

అపోహ: డయాలసిస్ మొదలుపెడితే కళ్లు పోతాయి.

ఈ భయంతో ఒకాయన రెండు నెలలు వాయిదా వేయడం నేను చూశాను. ఆ మాట ఎలా పుట్టిందో ఊహించడం కష్టం కాదు. డయాలసిస్ దాకా వచ్చేసరికి చాలామందికి షుగర్ వచ్చి పది పదిహేనేళ్లయి ఉంటుంది, కంటి నాళాలూ అప్పటికే చెడి ఉంటాయి. చూపు పోవడం, మిషను ఎక్కడం ఒకే కాలంలో జరిగేసరికి నేరం మిషను మీద పడుతుంది. నెత్తురు గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ వల్ల కంట్లో రక్తస్రావం పెద్దగా పెరుగుతుందని రుజువు కాలేదు. ఒంట్లో నీరు, బీపీ అదుపులోకి వస్తే రెటీనా వాపు తగ్గేవాళ్లూ ఉన్నారు.

జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి. డయాలసిస్‌లో బీపీ మరీ పడిపోతే కంటి నరానికి రక్తం అందక చూపు ఉన్నట్టుండి పోవచ్చు. అది ఆ పూటే చెప్పాల్సిన సంగతి. మిషను మీద ఉండగా కంట్లో నొప్పి, తలనొప్పి వస్తే కంటి ఒత్తిడి పెరిగిందేమో చూడాలి. కాల్షియం, ఫాస్ఫరస్ ఎక్కువై కంటి తెల్లగుడ్డు మీద పేరుకుంటే కళ్లు ఎర్రబడి ఇసక పడ్డట్టు గరగరలాడతాయి. దాన్ని కళ్లకలక అనుకుని కొట్లో అడిగి చుక్కలు వేసుకుంటే తగ్గదు. బీపీ విపరీతంగా పెరిగి ఫిట్సుతో పాటు రెండు కళ్లూ ఒక్కసారిగా చీకటైనా ఆశ వదులుకోకండి. మెదడు వెనక భాగంలో చేరిన వాపు అది. వెంటనే బీపీ తగ్గిస్తే చూపు తిరిగొచ్చే అవకాశం బాగా ఉంది.

అపోహ: కంటి పరీక్షకు రంగుమందు ఎక్కిస్తే ఉన్న కిడ్నీ కూడా పోతుంది.

సీటీ స్కాన్‌కు వాడే అయోడిన్ మందు గురించి విన్నది దీనికి తగిలించారు. కంటికి వాడేది ఫ్లోరెసిన్, వేరే పదార్థం. మూత్రం ఒకటి రెండు రోజులు ముదురు పసుపుగా వస్తుంది, అది చూసి జనం జడుస్తారు. కిడ్నీని చెప్పుకోదగ్గంత పాడుచేసినట్టు రుజువు లేదు. అయినా కిడ్నీ జబ్బుందని ముందే చెప్పండి. రంగుమందు అక్కర్లేని ఓసీటీ స్కాన్‌తో చాలాసార్లు పని జరిగిపోతుంది.

అపోహ: పొన్నగంటికూర, కారెట్ రసం, కొబ్బరిబొండం. చూపు అదే వస్తుంది.

ఆరోగ్యవంతులు తింటే నాకు అభ్యంతరం లేదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ల సంగతి అలా కాదు. బొండంలో, ఆకుకూరల్లో పొటాషియం మెండు. కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది, ఆగిపోనూవచ్చు. విటమిన్ ఏ మాత్రలు, చేప కాలేయపు నూనె గుళికలు సొంతంగా మింగడం మరీ తప్పు. కిడ్నీ రోగుల రక్తంలో విటమిన్ ఏ మామూలుగానే ఎక్కువ పేరుకుని ఉంటుంది. చేప తల తింటే చూపు పెరుగుతుందంటారు. పులుసు ఎంత తినాలన్నది డాక్టరును అడిగి తేల్చుకోవచ్చు గానీ, మన పల్లెల్లో నేను భయపడేది ఉప్పుచేపకు, ఎండు రొయ్యలకు. అందులోని ఉప్పు బీపీని, వాపును నేరుగా పెంచుతుంది.

అపోహ: కంట్లో చుక్క వేస్తే ఒంట్లో జబ్బు దిగిపోతుంది.

2021 మే నెలలో, కొవిడ్‌కని కృష్ణపట్నంలో ఇచ్చిన నాటుమందు కోసం వచ్చిన జనాన్ని మా నెల్లూరు జిల్లా మరిచిపోలేదు. ఆక్సిజన్ పడిపోయినవాళ్ల కళ్లలో చుక్కలు వేశారు. ఊపిరాడని మనిషి దేన్నైనా పట్టుకుంటాడు, వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. మే 31న రాష్ట్ర ప్రభుత్వం లోపలికి తీసుకునే మందులకు అనుమతిస్తూ, కంటి చుక్కలకు మాత్రం అనుమతి ఇవ్వలేదు. ఆ తేడాను గుర్తుపెట్టుకోవాలి. శుద్ధి చేయని తేనె, ఆకు పసరు, చనుబాలు ఏవైనా కంటి నల్లగుడ్డు మీద పుండు పడేలా చేయగలవు. షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ఆ పుండు త్వరగా మానదు. మానినా తెల్లటి పువ్వు మిగులుతుంది.

అపోహ: జ్వరం తగ్గింది, ఇక దాని పని అయిపోయింది.

నాట్లు వేసేవాళ్లు, కాలవల్లో పూడిక తీసేవాళ్లు, గుంటల్లో దిగేవాళ్లు ఇది చదవాలి. ఎలుక మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, పుసి లేకుండా కళ్లు ఎర్రబారడం దాని గుర్తులు. ముదిరితే కిడ్నీలు రోజుల్లోనే పనిమానేస్తాయి. తగ్గిన వారాలకో నెలలకో కంటి లోపల వాపు రావచ్చు. నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, కళ్ల ముందు నల్లటి చుక్కలు తేలడం. 1993లో వరదల తర్వాత మదురై ప్రాంతంలో ఈ కంటివాపు గుంపులు గుంపులుగా వచ్చింది, అరవింద్ కంటి ఆసుపత్రి వైద్యులు దాని మూలాన్ని పట్టుకున్నారు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయిన నేల మనది. వరద తీసిన తర్వాతి నెలల్లో కన్ను ఎర్రబడితే ఆ జ్వరం సంగతి డాక్టరుకు చెప్పడం మరవకండి.

అపోహ: ఏ మాత్రలు వాడుతున్నామో కంటి డాక్టరుకెందుకు?

టీబీకి ఇచ్చే ఇథాంబుటాల్ కిడ్నీ ద్వారా బయటికి పోతుంది. కిడ్నీ మందగిస్తే ఒంట్లో నిలిచి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది, ఎరుపు ఆకుపచ్చల తేడా ముందు తెలియకుండా పోతుంది. కీళ్లవాతానికి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ కూడా కిడ్నీ మందగిస్తే ఒంట్లో నిలుస్తుంది, అది రెటీనాను దెబ్బతీస్తుంది. మనిషి బరువులో కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, కిడ్నీ జబ్బుంటే కంటి పరీక్షలు ఇంకా ముందే మొదలుపెట్టాలి. అటునుంచి చూసినా, నీటికాసులకు రాసే ఎసిటజోలమైడ్ మాత్ర కిడ్నీ రోగులకు ప్రమాదం కావచ్చు. కనుక రెండు వైపులా చెప్పాలి. ఒళ్లునొప్పులకు రోజూ మింగే నొప్పి మాత్రల సంగతి కూడా.

అపోహ: మినరల్ వాటర్ తాగుతుండాం, కళ్లూ బాగుండాయి. మాకు కిడ్నీ జబ్బేంది?

నీళ్ల వల్ల జబ్బొస్తుందన్న ఎరుక మనకు పాతదే. దేశంలో ఫ్లోరోసిస్‌ను గుర్తించి 1937లో రాసిన తొలి నివేదికల్లో ఒకటి నెల్లూరు జిల్లా గురించే. కానీ క్యాన్ నీళ్లు షుగర్‌నూ బీపీనీ ఆపవు. ఇక శ్రీకాకుళం ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి ఊళ్లలో, షుగర్, బీపీ లేనివాళ్లకే కిడ్నీలు పోతున్నాయి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి, కారణం మాత్రం ఇంకా పూర్తిగా తేలలేదు. అలాంటి జబ్బులో రెటీనా శుభ్రంగానే ఉండొచ్చు. కన్ను చెడితే కిడ్నీని అనుమానించాలి గానీ, కన్ను బాగుందని కిడ్నీకి మార్కులు వేయకూడదు. దానికి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ చూడాల్సిందే. బీపీ పట్టీ ఊరి పక్క ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఉంటుంది. మనవాళ్లు దాన్ని దాటుకుని పొద్దున్నే రైలెక్కి మద్రాసు కంటి ఆసుపత్రులకు పోతారు.

మా పెద్దమ్మకు బీపీ దారికొచ్చాక మూడు నెలలకు నరం వాపు తగ్గింది. కుడికంటి చూపు చాలావరకు వచ్చింది, ఎడమది రాలేదు. ఇప్పుడు వారానికి మూడు రోజులు డయాలసిస్. చేటను కుడివైపుకు కాస్త తిప్పి పెట్టుకుని బియ్యం ఏరుతుంది. మొన్న ఎదురింటి పిల్ల నిద్రమొహంతో వాకిట్లోకి వస్తే దగ్గరికి పిలిచి, గడ్డం పైకెత్తి, రెప్పల కింద బొటనవేలితో నొక్కి చూసింది. "ఏంది పెద్దమ్మా?" అంటే, "ఏం లేదులే నాయనా, నీరు చేరి గుంట పడుతుండాదేమోనని" అంది.