స్టార్లు ఎన్ని సరే, ఈఎస్‌సీ ఉందా?

కారు భద్రతలో రెండు లెక్కలుంటాయి. గుద్దుకున్నాక లోపలున్నవాళ్లు ఏ మాత్రం దెబ్బలతో బయటపడతారన్నది ఒకటి. అసలు గుద్దుకునేదాకా రాకుండా కారు డ్రైవర్ చేతిలో నిలుస్తుందా అన్నది రెండోది. క్రాష్ టెస్టుల్లో వచ్చే స్టార్లు ప్రధానంగా మొదటి లెక్క చెబుతాయి. రెండోదాన్ని చూసుకునేది ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, పొట్టిగా ఈఎస్‌సీ. షోరూముకు వెళ్లి స్టార్లు ఎన్నని అడిగేవాళ్లు ఈ మధ్య పెరిగారు. ఈఎస్‌సీ సంగతి అడిగేవాళ్లు ఇంకా తక్కువే. తొర్రూరు లాంటి ఊళ్లో తిరగబోయే కారుకు మాత్రం ముందు అడగాల్సింది ఆ రెండో ప్రశ్నే.

ఎందుకో ఆ ఊరి రోడ్డే చెబుతుంది. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లాలో ఉన్న తొర్రూరు, వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే 563వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. వర్ధన్నపేట, రాయపర్తి దాటి తొర్రూరు, అక్కడి నుంచి మరిపెడ మీదుగా ఖమ్మం. మిర్చి, పత్తి బస్తాల ట్రాక్టర్లు, ఆర్టీసీ బస్సులు, లారీలు, బర్రెల మందలు, బైకులు అన్నిటికీ అదే దారి. వానాకాలం పంట, యాసంగి పంట చేతికొచ్చే రోజుల్లో పల్లెల దగ్గర రోడ్డు అంచే కల్లమవుతుంది. పగలు వడ్లు ఆరబోస్తారు, సాయంత్రం కుప్ప చేసి పట్టా కప్పుతారు, పట్టా ఎగిరిపోకుండా చుట్టూ రాళ్లు పెడతారు. రైతుకు ఆరబెట్టుకునే చోటు లేకపోవడం వల్ల వచ్చిన అవస్థ ఇది. కానీ చీకట్లో నల్ల పట్టా కప్పిన కుప్ప దగ్గరికొచ్చేదాకా కనబడదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. డిమ్ లైటు వెలుగులో కుప్ప కనబడ్డాక డ్రైవరుకు మిగిలేది రెండు సెకన్లు. ఒక్కోసారి అంత కూడా ఉండదు.

ఆ రెండు సెకన్లలో ఏం జరగగలదో తెలుగువాళ్లు చూశారు. 2014 ఏప్రిల్ 23 రాత్రి ఎన్నికల ప్రచారం ముగించుకుని ఆళ్లగడ్డకు తిరిగి వెళ్తున్న ఎమ్మెల్యే భూమా శోభా నాగిరెడ్డి కారు, రోడ్డు మీది వడ్ల కుప్పలను తప్పించబోయి పల్టీలు కొట్టింది. ఆమె కారులోంచి బయటికి పడిపోయారు. మర్నాడు హైదరాబాద్ ఆసుపత్రిలో చనిపోయారు. సీటు బెల్టు పెట్టుకోలేదని అప్పటి వార్తలు చెప్పాయి. 2018 ఆగస్టు 29న నల్గొండ దగ్గర అన్నెపర్తి వద్ద నందమూరి హరికృష్ణ నడుపుతున్న కారు డివైడరును ఢీకొని బోల్తా పడ్డప్పుడూ ఆయన బయటికి పడిపోయే ప్రాణం కోల్పోయారు. డ్రైవర్ చేతిలోంచి కారు జారిపోవడం, పల్టీ కొట్టడం, బెల్టు లేని మనిషి బయట పడటం: ఈ వరస మన రోడ్లకు బాగా అలవాటైనది.

కుప్పను తప్పించేటప్పుడు కారు ఒకసారి కాదు, రెండుసార్లు తిరుగుతుంది. ఎడమ అంచున కుప్ప కనబడగానే డ్రైవర్ స్టీరింగు కుడికి కోస్తాడు. ఎదురుగా లారీ లైట్లు కనబడగానే అంతకంటే గట్టిగా ఎడమకు తిప్పుతాడు. కొంప ముంచేది ఎక్కువగా ఈ రెండో తిప్పుడే. మొదటి మలుపులో కారు బరువంతా ఎడమ చక్రాల మీదికి ఒరిగి ఉంటుంది. అది సర్దుకోకముందే ఇంకోవైపుకు లాగితే బరువు ఒక్క ఊపున కుడికి వచ్చిపడుతుంది. వెనక చక్రాలు పట్టు తప్పి కారు అడ్డం తిరుగుతుంది. ఎత్తైన బండి అయితే, లేదా అడ్డం తిరిగిన చక్రం తారు అంచు దిగి మట్టిలో కూరుకుంటే, పల్టీ కొడుతుంది. చక్రాల కింద వడ్ల గింజలు చెదిరి ఉంటే పట్టు ఇంకా ముందే పోతుంది.

ఈఎస్‌సీ పని మొదలయ్యేది సరిగ్గా ఇక్కడ. స్టీరింగు ఎటు, ఎంత తిరిగిందో చెప్పే సెన్సారు ఒకటి, నాలుగు చక్రాల వేగం చెప్పేవి నాలుగు, కారు తన చుట్టూ తాను ఎంత వేగంగా తిరుగుతోందో, పక్కకు ఎంత లాగబడుతోందో చెప్పేవి ఇంకొన్ని ఉంటాయి. డ్రైవర్ వెళ్లాలనుకున్న దారిని, కారు నిజంగా వెళ్తున్న దారిని చిన్న కంప్యూటరు సెకనుకు పాతికసార్ల దాకా పోల్చి చూస్తుంది. రెండూ తేడా వస్తే డ్రైవర్ బ్రేకు తొక్కినా తొక్కకపోయినా అవసరమైన ఒక్క చక్రానికి తానే బ్రేకు వేస్తుంది, ఇంజిన్ జోరు తగ్గిస్తుంది. ఎడ్లబండిలో ఒక ఎద్దును పగ్గంతో బిగపడితే బండి ఆ పక్కకే తిరిగినట్టు, ఒక పక్క చక్రానికి బ్రేకు పడితే కారు ముక్కు ఆ పక్కకు మళ్లుతుంది. కుడి మలుపులో వెనక భాగం బయటికి విసిరేస్తుంటే ఎడమ ముందు చక్రాన్ని పడుతుంది. స్టీరింగు తిప్పినా కారు తిరగకుండా నేరుగా పోతుంటే కుడి వెనక చక్రాన్ని పడుతుంది. ఇదంతా డ్రైవర్‌కు కారు జారుతోందన్న స్పృహ వచ్చేలోపే అయిపోతుంది. బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ మీదే ఈ ఏర్పాటంతా కట్టారు. అయితే ఏబీఎస్ ఒక్కటే ఉంటే ఈ పని జరగదు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.

బాష్ కంపెనీతో కలిసి మెర్సిడెస్ 1995లో ఖరీదైన కార్లలో దీన్ని తెచ్చింది. మామూలు కార్లలోకి దింపింది మాత్రం ఒక పల్టీయే. స్వీడన్ రోడ్ల మీదికి మూస్ అనే భారీ దుప్పులు హఠాత్తుగా వస్తుంటాయి. వాటిని తప్పించే మలుపును పరీక్షగా పెట్టి అక్కడి మోటారు పత్రిక ఒకటి 1997లో మెర్సిడెస్ ఏ-క్లాస్ అనే చిన్న కారును నడిపితే అది బోల్తా పడింది. కంపెనీ కొన్నాళ్లు అమ్మకం ఆపి, ఆ మోడల్ కార్లన్నిటికీ స్టెబిలిటీ కంట్రోల్ బిగించింది. అక్కడ దుప్పి, ఇక్కడ వడ్ల కుప్ప. కారుకు పెట్టే పరీక్ష ఒక్కటే. ఒంటరిగా అదుపు తప్పి జరిగే ప్రమాదాలను ఇది మామూలు కార్లలో 34 శాతం, ఎస్‌యూవీల్లో 59 శాతం తగ్గిస్తుందని అమెరికా రహదారి భద్రతా సంస్థ 2007లో అంచనా కట్టింది. బరువు కేంద్రం ఎత్తులో ఉండే బండికి మేలు ఎక్కువన్నమాట. 2012 మోడల్ నుంచి అమెరికాలో, 2014 నవంబరు నుంచి యూరప్‌లో కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి అయింది.

స్టార్ల కథ భారతదేశంలో 2014 జనవరిలో మొదలైంది. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో కార్లలో ఎయిర్‌బ్యాగుల్లేని రకాలను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డుకు గుద్దించింది. పెద్దల రక్షణలో అయిదింటికీ సున్నా స్టార్లే వచ్చాయి. అప్పుడే ఇంకో సంగతి కూడా బయటపడింది. ఫిగో, పోలోల చట్రం నిలిచింది. మిగతా మూడింటి చట్రం నిలవలేదు. రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోకు నాలుగు స్టార్లు వచ్చాయి. చట్రం కుప్పకూలే కారులో ఎయిర్‌బ్యాగు చేయగలిగింది కొంచెమే. 2018 డిసెంబరులో టాటా నెక్సాన్ అయిదు స్టార్లు తెచ్చుకున్నాక కంపెనీలు స్టార్లను ప్రకటనల్లోకి తెచ్చాయి.

2023 అక్టోబరు 1 నుంచి మన సొంత భారత్ ఎన్‌క్యాప్ అమల్లో ఉంది. కారును పరీక్షకు పంపడం కంపెనీ ఇష్టం. ముందు నుంచి 64, పక్క నుంచి 50 కిలోమీటర్ల వేగంతో గుద్ది, పెద్దల రక్షణకు 32, పిల్లల రక్షణకు 49 మార్కులకు లెక్క వేస్తారు. అయిదు స్టార్లకు కనీసం 27, 41 రావాలి. స్తంభాన్ని పక్కగా గుద్దే పరీక్ష 29 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. మూడు స్టార్లు, ఆపైన కావాలంటే కారుకు ఈఎస్‌సీ ఉండి తీరాలి. స్టార్లకూ స్టెబిలిటీ కంట్రోల్‌కూ ముడి పడేది ఈ నిబంధన దగ్గరే. కొనేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే నిబంధన అందులో ఇంకొకటి లేదు. మొదట ఫలితాలు వచ్చిన హారియర్, సఫారీలు రెండూ అయిదు స్టార్లు తెచ్చుకున్నాయి.

స్టారును చదవడంలో తేలిగ్గా దొర్లే పొరపాట్లున్నాయి. తలుపు మీద తట్టి రేకు మందం చూడటం పాత అలవాటు. పైరేకు రక్షించేది చాలా తక్కువ. దాని వెనకున్న గట్టి ఉక్కు చట్రం, ముందు భాగం మడతపడుతూ దెబ్బను మింగే తీరు రక్షిస్తాయి. ఎయిర్‌బ్యాగులను లెక్కపెట్టడం కొత్త అలవాటు. ఆరు ఎయిర్‌బ్యాగులున్న కియా కారెన్స్‌కు 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ మూడు స్టార్లే ఇచ్చింది. అడ్డుకు గుద్దే పరీక్ష దాదాపు తనంత బరువున్న బండితో ఢీకొనడానికి సమానం కాబట్టి, అయిదు స్టార్ల చిన్న కారు లారీ ముందు కూడా అంతే కాపాడుతుందని అనుకోకూడదు. పైగా 2018 నాటి గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్ష కంటే 2022 జూలై తర్వాతది కఠినం. స్టారుతో పాటు ఏ సంస్థ, ఏ ఏడు ఇచ్చిందో చూడాలి.

కొనేటప్పుడు మోడల్ పేరు కాదు, చేతికొచ్చే వేరియంట్ ముఖ్యం. పై వేరియంట్‌లో ఉన్న ఈఎస్‌సీ అన్నిటికంటే కింది దానిలో ఉంటుందన్న హామీ లేదు. ఒక్కో కంపెనీ దీన్ని ఒక్కో పేరుతో పిలుస్తుంది: మారుతి, టాటాల్లో ఈఎస్‌పీ, హ్యుందాయ్, కియాల్లో ఈఎస్‌సీ, టయోటాలో వీఎస్‌సీ, హోండాలో వీఎస్‌ఏ. మారుతి 2024లో ఆల్టో కె10, ఎస్-ప్రెసోలకు కూడా దీన్ని అన్ని వేరియంట్లలో ఇచ్చింది. చిన్న కారు కొనే ఇంటికి అది పెద్ద మేలు. సన్‌రూఫ్, పెద్ద స్క్రీను కోసం పెట్టే డబ్బులో కొంత దీనికి పెట్టడమే సబబు.

తొర్రూరు వంటి చోట్ల సెకండ్ హ్యాండ్ కారే మొదటి కారయ్యే ఇళ్లు చాలా. పాత బండిలో ఈఎస్‌సీ ఉందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. తాళం తిప్పగానే మీటరు దగ్గర కారు బొమ్మ, దాని కింద వంకర గీతలున్న పసుపు లైటు వెలిగి, ఇంజిన్ స్టార్టయ్యాక ఆరిపోవాలి. ఆరకపోతే వ్యవస్థ చెడిందని అర్థం. అసలు వెలగకపోతే ఆ సౌకర్యం లేదనో, లైటు తీసేశారనో అనుమానించాలి. కారు కదిలేటప్పుడు అదే లైటు గబగబా మిణుకుతుంటే ఈఎస్‌సీ పని చేస్తోందని. మిగతా రక్షణల సంగతి తయారైన ఏడాది కొంత చెబుతుంది: ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవర్ ఎయిర్‌బ్యాగు 2019 జూలై నుంచి, ముందు సీటు ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగు 2021 చివరి నుంచి తప్పనిసరి.

ఈఎస్‌సీకి హద్దులున్నాయి. టైరుకు రోడ్డు మీద ఉన్న పట్టును సరిగ్గా పంచగలదు తప్ప లేని పట్టును పుట్టించలేదు. టైర్లు నున్నగా అరిగిపోతే, పైన కట్టిన క్యారియర్ మీద బస్తాలు వేస్తే, ఏడుగురి బండిలో పదిమందిని ఎక్కిస్తే దాని బలం పడిపోతుంది. ఎదురుగా వచ్చి గుద్దే లారీని అది ఆపలేదు. అక్కడ పనికొచ్చేవి చట్రం, బెల్టు, ఎయిర్‌బ్యాగు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో సీటు బెల్టు పెట్టుకోనివాళ్లు 16,715. బెల్టు మనిషిని సీటుకు పట్టి ఉంచుతుందన్న నమ్మకంతోనే ఎయిర్‌బ్యాగు తెరుచుకునే క్షణాన్ని లెక్కగట్టారు. బెల్టు లేని మనిషి మీదికి దూసుకొచ్చే ఎయిర్‌బ్యాగే దెబ్బ తగిలించవచ్చు. వెనక సీటులో కూర్చున్నవాళ్లూ బెల్టు పెట్టుకోవాల్సిందే, ఎందుకంటే బెల్టు లేనివాళ్లు ముందున్నవాళ్ల మీదికి వచ్చిపడతారు. పిల్లల రక్షణకు వచ్చే స్టార్లు కూడా పిల్లల సీటు బిగించి, అందులో కూర్చోబెట్టి చేసిన పరీక్షకు వచ్చినవి. తల్లి ఒడిలో కూర్చున్న బిడ్డకు ఆ స్టార్లు వర్తించవు.