మన రాజ్యాంగం వేళ్లు ఎక్కడున్నాయి? అపోహలు – వాస్తవాలు

జనవరి 26 వస్తోందంటే చాలు, ఫోన్లలో రెండు సందేశాలు తిరగడం మొదలవుతుంది. మన రాజ్యాంగం తెల్లవాళ్ల చట్టానికి నకలని ఒకటి. చోళుల కాలం నుంచీ మనకు ప్రజాస్వామ్యం ఉండనే ఉందని, కొత్తగా ఎవరూ తెచ్చిందేమీ లేదని ఇంకొకటి. విచిత్రమేమిటంటే, రెండింటినీ ఒకే మనిషి పంపిస్తుంటాడు.

అపోహ: 1935 నాటి భారత ప్రభుత్వ చట్టానికి పేరు మార్చి రాజ్యాంగం అన్నారు.

వాస్తవం: పోలిక ఉన్నమాట నిజం. అధికారాలను కేంద్ర, రాష్ట్ర, ఉమ్మడి జాబితాలుగా పంచడం, గవర్నరు పదవి, ఆర్డినెన్సులు, పబ్లిక్ సర్వీస్ కమిషన్లు అన్నీ అందులోంచి వచ్చినవే. ఆ చట్టంలోని 93వ సెక్షను కింద, రాష్ట్రంలో పాలన సాగదని గవర్నరు అనుకుంటే అధికారమంతా తన చేతిలోకి తీసుకోవచ్చు. 1939లో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేశాక మద్రాసులో జరిగింది అదే. మన 356వ అధికరణ ఆ సెక్షనుకు దగ్గరి చుట్టం.

ఈ సంగతి అంబేడ్కర్ దాచలేదు. 1948 నవంబరు 4న ముసాయిదాను రాజ్యాంగ సభ ముందు పెడుతూ, తీసుకున్నది చాలావరకు పాలనా వివరాలేనని, రాజ్యాంగ భావాల మీద ఎవరికీ పేటెంటు హక్కులు లేవని నిక్కచ్చిగా చెప్పారు. మైసూరుకు చెందిన హనుమంతయ్యకు ఆ జవాబు రుచించలేదు. వీణ వినాలనుకుంటే ఇంగ్లీషు బ్యాండు వినిపిస్తోందని సభలోనే నొచ్చుకున్నారు.

ఏముందో చూసినవాళ్లు, ఏం లేదో కూడా చూడాలి. 321 సెక్షన్లున్న ఆ చట్టంలో ప్రాథమిక హక్కుల అధ్యాయమే లేదు. అలాంటి ప్రకటనల వల్ల పెద్ద ప్రయోజనం లేదని సైమన్ కమిషన్ అంతకుముందే తేల్చేసింది. హక్కుల కోసం పట్టుబట్టింది మనవాళ్లు. 1928లో మోతీలాల్ నెహ్రూ నివేదిక వాటిని జాబితాగా రాసింది. 1931లో కరాచీ కాంగ్రెస్ ఉచిత ప్రాథమిక విద్యను, మతాల విషయంలో ప్రభుత్వ తటస్థతను తన తీర్మానంలో చేర్చింది. తిలక్, గాంధీలను జైలుకు పంపిన రాజద్రోహం అన్న మాటను వాక్‌స్వాతంత్ర్యపు పరిమితుల్లోంచి తీసేయాలని మున్షీ ప్రతిపాదించారు, సభ తీసేసింది. అయినా ఆ నేరం 2024లో పాత శిక్షాస్మృతి రద్దయ్యేదాకా అందులో 124ఎ సెక్షనుగా మిగిలే ఉంది. విచారణ లేని నిర్బంధానికి 22వ అధికరణలో చోటిచ్చిందీ అదే సభ. అలాంటి నిర్బంధాన్నే తెచ్చిన రౌలట్ చట్టం మీద దేశమంతా లేచిన మూడు దశాబ్దాలకే ఈ పని జరగడం నాకెప్పుడూ మింగుడుపడదు.

అపోహ: ఓటు మనకు బ్రిటిష్‌వాళ్లు ఇచ్చారు.

వాస్తవం: వాళ్లిచ్చింది కొందరికి. భూమి శిస్తో, పన్నో కట్టాలి, లేదా చదువుండాలి. 1935 చట్టం కింద కూడా ఓటు దక్కింది సుమారు మూడు, మూడున్నర కోట్ల మందికే. రాజ్యాంగ సభలో ఎక్కువమందిని ఎన్నుకున్నది కూడా ఈ పరిమిత ఓటుతో గెలిచిన రాష్ట్ర శాసనసభలే. అలా వచ్చిన సభ తనను ఎన్నుకోని కోట్లమందికి ఓటు రాసిచ్చింది.

రాయడంతో పని అయిపోలేదు. రాజ్యాంగం ఆమోదం పొందకముందే, 1948లోనే ఓటర్ల జాబితాల పని మొదలైంది. ఇంటికొచ్చిన గుమాస్తా పేరడిగితే ఉత్తరాదిలో ఎందరో ఆడవాళ్లు చెప్పలేదు. ఫలానావారి భార్యనని, ఫలానావాడి తల్లినని చెప్పారు, గుమాస్తా అదే రాసుకున్నాడు. అది కుదరదని, సొంత పేరుంటేనే ఓటని ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ పట్టుబట్టారు. గడువు పెంచినా ఫలితం లేకపోవడంతో దాదాపు 28 లక్షల మంది పేర్లు కొట్టేయాల్సి వచ్చింది. అది పోగా 1951–52 ఎన్నికల నాటికి జాబితాలో 17 కోట్లకు పైగా ఓటర్లున్నారు.

అపోహ: మన ప్రజాస్వామ్యం చోళుల నాటిదే.

వాస్తవం: కాంచీపురం దగ్గరి ఉత్తరమేరూరులో పరాంతక చోళుని కాలం నాటి పదో శతాబ్దపు శాసనం ఉంది. దాని ప్రకారం సభ్యులను ఎంచడానికి అర్హుల పేర్లు తాటాకుల మీద రాసి కుండలో వేస్తారు, చిన్న పిల్లవాడి చేత తీయిస్తారు. పద్దులు అప్పజెప్పనివాడే కాదు, వాడి దగ్గరి బంధువులూ అనర్హులే. ఈ ఒక్క నిబంధన ఇవాళ పెడితే ఎన్ని నామినేషన్లు మిగులుతాయో! కానీ పోటీకి పన్ను కట్టే భూమి, సొంత ఇల్లు, వేదజ్ఞానం ఉండాలి. అది బ్రాహ్మణుల గ్రామసభ. పొలంలో దిగి పనిచేసేవాడి పేరు ఆ కుండలోకి వెళ్లే దారే లేదు.

రాజ్యాంగ సభలో ఈ వాదన గట్టిగానే నడిచింది. బౌద్ధ సంఘాలకు సభా మర్యాదలు తెలుసని అంబేడ్కరే చెప్పారు. అదే అంబేడ్కర్ పల్లెను అజ్ఞానానికి, సంకుచితత్వానికి నెలవన్నారు. టంగుటూరి ప్రకాశం, ఎన్.జి. రంగా వంటివారు పంచాయతీల పక్షాన నిలబడ్డారు. చివరికి పంచాయతీలకు ఆదేశిక సూత్రాల్లో 40వ అధికరణగా చోటు దొరికింది. దానికి చట్టబలం రావడానికి 1992లో చేసిన 73వ సవరణ దాకా ఆగాల్సి వచ్చింది.

అపోహ: అంతా అంబేడ్కర్ ఒక్కరే రాశారు. దీనికి విరుగుడుగా చెప్పే మాట: ఆయన రాసిందేమీ లేదు.

వాస్తవం: మొదటి ముసాయిదా బి.ఎన్. రావుది. దాన్ని చట్టభాషలో పెట్టే పని ఎస్.ఎన్. ముఖర్జీది. నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాది కృష్ణస్వామి అయ్యర్, మచిలీపట్నంలో పుట్టి మైసూరు దివానుగా చేసిన ఎన్. మాధవరావు ముసాయిదా సంఘంలో ఉన్నారు. కానీ ప్రతిపాదనకొచ్చిన 2,473 సవరణల మధ్య ముసాయిదాను సభ దాటించిన భారం ప్రధానంగా అంబేడ్కర్‌దే. ముసాయిదా రచన భారం ఆయన మీదే పడిందని చెప్పింది ఆయన అభిమానులు కాదు, అదే సంఘ సభ్యుడు టి.టి. కృష్ణమాచారి.

అపోహ: బ్రిటిష్ రాజు ఆమోదంతో రాజ్యాంగం అమల్లోకి వచ్చింది.

వాస్తవం: రాజుకూ పంపలేదు, గవర్నర్ జనరల్‌కూ పంపలేదు. సభాధ్యక్షుడు రాజేంద్రప్రసాద్ సంతకంతోనే సరి. చివరిదైన 395వ అధికరణ 1935 చట్టాన్ని, బ్రిటన్ పార్లమెంటు చేసిన స్వాతంత్ర్య చట్టాన్ని కలిపి రద్దు చేసింది. రాజముద్ర అవసరమైంది సంస్థానాల్లోనే. హైదరాబాద్‌కు ఈ రాజ్యాంగం వర్తిస్తుందని నిజాం 1949 నవంబరు 23న ఫర్మానా ఇచ్చాడు. అక్కడి జనం తమ ఓటుతో ప్రభుత్వాన్ని ఎన్నుకుని, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి కావడానికి 1952 మార్చి దాకా పట్టింది.