పాత పెట్టెకు కొత్త భాగాలు

పిల్లల ఆటకని, చదువుకని 2017, 18 సంవత్సరాల ప్రాంతంలో మన యిళ్లలో కొన్న కంప్యూటర్లకు ఇప్పుడు ముసలితనం వచ్చింది. మీట నొక్కి, చాయ్ కాచుకొని వచ్చి కూర్చున్నా ఇంకా తెర సిద్ధం కాదు. కొత్త ఆట ఏదైనా పెడితే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. పైగా మైక్రోసాఫ్టువారు విండోస్ 10కి ఉచితంగా ఇచ్చే మామూలు మద్దతును 2025 అక్టోబరు 14తో ముగించారు. ఇక దీనిని పారవేసి, వాయిదాల మీద కొత్తది తెద్దామని పెద్దలు అంటారు. పిల్లలు పైకి అనకపోయినా లోపల అదే కోరుకుంటారు. అయితే మగ్గం నేసిన కుటుంబాలవారెవరూ పన్నె అరిగిందని మగ్గాన్ని పొయ్యిలో పెట్టలేదు. ఏ భాగం అరిగిందో చూచి, దానికి సరిపడేదే తెచ్చి వేసుకొన్నారు. ఈ పెట్టె సంగతీ అంతే. కాకపోతే పన్నె లెక్కకు పడుగు లెక్క సరిపోవలసినట్లు, ఇక్కడ కూడా ఒకదానికొకటి పొసగాలి.

మా యింటి పెట్టెనే ఉదాహరణగా తీసుకొందాము. అందులో ఏఎమ్‌డీవారి రైజెన్ 5 1600 ప్రొసెసరు, బీ350 రకం మదరుబోర్డు, 8 జీబీల మెమొరీ, తిరిగే హార్డుడిస్కు, ఎన్విడియా జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్సు కార్డు ఉండేవి. 2017లో ముఖేడ్ వంటి ఊళ్లో అది గొప్ప యంత్రమే. దానిని పారవేయకుండా ఆపిన కారణం ఒకటి చెప్పాలి. మా పెద్దన్నయ్యగారి అబ్బాయి చదువంతా మరాఠీలో సాగింది. బడిలో మరాఠీ, బజారులో మరాఠీ, హిందీ. రాత్రి భోజనాలయ్యాక చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని నిజామాబాదులోని మేనత్త పిల్లలతో ఆట ఆడేటప్పుడు మాత్రం వాడి నోట తెలుగు ధారగా వస్తుంది. కేకలు, ఎకసెక్కాలు, అలకలు, అన్నీ తెలుగే! పెట్టె మూలబడిన నెల రోజులూ ఆ మాటలు ఆగిపోయాయి. వాళ్ల నాయనమ్మగారే ముందుగా, "ఆ డబ్బా బాగుచేయించండిరా" అన్నారు.

బాగుచేయడమంటే ముందు రోగం తెలియాలి. విండోసులోనే టాస్క్ మేనేజరు అనే పట్టిక ఉన్నది. ఆట నడుస్తుండగా దానిని తెరిస్తే ఏ భాగం నిండా పనిలో మునిగి ఉన్నదో, ఏది ఖాళీగా కూర్చున్నదో కనబడుతుంది. గ్రాఫిక్సు కార్డు నూటికి నూరు చూపుతూ ప్రొసెసరు సగం ఖాళీగా ఉంటే కొరత కార్డుది. మెమొరీ నిండిపోయి డిస్కు గిలగిల్లాడుతూ ఉంటే కొరత మెమొరీది. ఇది చూడకుండా దుకాణానికి పోయేవారు అక్కరలేనిది కొని వస్తారు.

అన్నిటికంటె తక్కువ ఖర్చులో ఎక్కువ మేలు చేసేది డిస్కు మార్పు. పాత హార్డుడిస్కులో పళ్లెం తిరగాలి, ముల్లు దాని మీద చోటు వెదకాలి. ఒక్కొక్క వెదుకులాటకు సెకనులో నూరోవంతు దాకా పడుతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు. ఆట బొమ్మల నాణ్యం దీనివల్ల పెరగదు గాని, నిరీక్షణ తగ్గుతుంది. మెమొరీ విషయంలో ఒక జాగ్రత్త: డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అనేవి ఒకదాని గాడిలో మరొకటి పట్టవు, గాటు ఉండే చోటే వేరు. మా బోర్డుకు కావలసినది డీడీఆర్4. ఉన్న 8 జీబీల ముక్కకు జోడీగా అదే వేగం గల మరొక ముక్క వేశాము. రెండు ముక్కలు రెండు దారులలో పనిచేస్తాయి కనుక, ఒంటి ముక్క కంటె ఇది మేలు.

ప్రొసెసరు కథ కొంచెం విపులంగా చెప్పదగినది. 2017లో వచ్చిన రైజెన్‌లు కూర్చునే పీటకు ఏఎమ్4 అని పేరు. తర్వాత ఐదేండ్లదాకా వచ్చిన తరాలన్నీ ఆ పీట మీదే కూర్చున్నాయి. మొదట్లో పాత 300 వరుస బోర్డుల మీద 5000 వరుస ప్రొసెసర్లకు చోటు ఇవ్వకపోయినా, 2022లో ఏఎమ్‌డీవారు ఆ తలుపు తెరిచారు. ఇంటెల్ పెట్టెలు ఉన్నవారికి ఇంత అదృష్టం లేదు. 2017 అక్టోబరులో వచ్చిన ఎనిమిదో తరం ప్రొసెసరుకు పిన్నుల లెక్క వెనుకటి 1151యే అయినా, ఆరో తరం, ఏడో తరం బోర్డుల మీద అది పనిచేయదు. మేము 2022లో విడుదలైన రైజెన్ 5 5600ను ఎంచుకొన్నాము. ఆరు కోర్లు, 65 వాట్లు, లెక్కకు రెండూ పాతదానివే. పని మాత్రం చాలా ఎక్కువ. విండోస్ 11వారు మొదటి తరం రైజెన్‌ను ఒప్పుకోరు, దీనిని ఒప్పుకొంటారు. బోర్డు అమరికలలో టీపీఎమ్ అనే భద్రతా సదుపాయాన్ని తెరిస్తే చాలు.

కొత్త ప్రొసెసరు పెట్టకముందే, పాతది పనిచేస్తుండగానే బయోస్‌ను సవరించాలి. ఆ నాలుగైదు నిమిషాలలో కరెంటు పోతే బోర్డే మూగబోయే ప్రమాదం ఉన్నది. మన తాలూకా ఊళ్ల కరెంటు సంగతి చదువరులకు వేరే చెప్పాలా! యూపీఎస్ లేకుండా ఈ పనికి పూనుకోరాదు. రెండవది, పాత ప్రొసెసరును ఊడదీయడం. ఏఎమ్4 రకంలో పిన్నులు ప్రొసెసరుకే ఉంటాయి. దాని మీద పూసిన లేపనం ఏండ్ల తరబడి ఎండి బంకలా పట్టుకొంటుంది. ఫ్యానును నిలువుగా లాగితే ప్రొసెసరు కూడా దానితోపాటు పీటలోనుంచి ఊడివచ్చి పిన్నులు వంగిపోతాయి. కాసేపు ఆటతో పెట్టెను వెచ్చబరచి, కరెంటు తీసివేసి, ఫ్యానును ఇటూ అటూ మెల్లగా తిప్పి సడలించి తీయాలి. పాత లేపనాన్ని స్పిరిటుతో తుడిచి, బఠానీ గింజంత కొత్తది వేస్తే సరిపోతుంది. వెన్న పూసినట్లు పూయనక్కరలేదు. ఆ పూటే లోపలి దుమ్ము కూడా దులపాలి. మా నల్లరేగడి దుమ్ము, వైశాఖపు ఎండ కలిసి ఫ్యానులను ఎంత పీడిస్తాయో మూత తీసినప్పుడు తెలిసింది.

గ్రాఫిక్సు కార్డు దగ్గర సొమ్ము ఎక్కువ. మా పాత 1050 టీఐ 75 వాట్లతో బోర్డు గాడినుంచే కరెంటు తీసుకొనేది. కొత్తగా వేసిన రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600 (ఇది 2021 అక్టోబరులో వచ్చినది) 132 వాట్లు కోరుతుంది, వేరే తీగ కావాలి. అందువల్ల పేరూ ఊరూ లేని పాత సప్లయిని తీసి, 550 వాట్ల మంచిదానిని పెట్టించాము. చాలమంది ఇక్కడే కక్కుర్తి పడతారు. సప్లయి కాలితే అదొక్కటే పోతుందన్న హామీ లేదు. వాడిన కార్డులు చవకగా దొరుకుతాయి గాని, 2022 సెప్టెంబరు దాకా ఎథీరియం నాణేల తవ్వకంలో రాత్రింబగళ్లు మండినవి వాటిలో ఉండవచ్చును. కొంటే ఎదుటనే గంటసేపు నడిపించి చూచుకోవాలి. రేడియాన్ పేరు వచ్చింది కాబట్టి మరొక మాట. కొవ్వూరులో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన రాజా కోడూరిగారు 2015 నుండి 2017 దాకా ఏఎమ్‌డీలో ఆ విభాగానికి అధిపతిగా ఉన్నారు. మా కుర్రవాడికి ఈ సంగతి చెబితే నమ్మలేదు.

భాగాలు ఎక్కడ కొనాలి? ముంబయిలో లామింగ్టన్ రోడ్డు ఉన్నది, కాని మనకు దెగ్లూరు మీదుగా సికింద్రాబాదు దగ్గర. 1956లో నాందేడు జిల్లా హైదరాబాదు రాష్ట్రంనుంచి విడిపోయినా, పెళ్లి బట్టలకూ, వైద్యానికీ మన కాళ్లు అటే నడుస్తాయి గదా! అక్కడ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో ఈ సరుకంతా దొరుకుతుంది. బిల్లు లేకుండా తక్కువకిస్తామంటే మాత్రం తీసుకోరాదు. ప్రొసెసరుకు ఉండే మూడేండ్ల వారంటీ ఆ కాగితం మీదే నిలుస్తుంది. మేము 2025 వేసవిలో కొన్నాము. ఆ సంవత్సరం చివరకు కృత్రిమ మేధ కేంద్రాలు మెమొరీని టోకుగా ఎత్తుకుపోవడంతో ధరలు విపరీతంగా పెరిగాయి. క్రూషియల్ పేరుతో ఇళ్లవారికి మెమొరీ అమ్మిన మైక్రాన్ సంస్థ ఆ వ్యాపారాన్నే మానుకొంటున్నట్లు 2025 డిసెంబరులో ప్రకటించింది. కనుక పాత మెమొరీ ముక్కలున్నవారు చెత్తలో వేయకండి.

ఆటంటే జూదమని జడిసే పెద్దలు మనలో ఉన్నారు. డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైను ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం క్రీడగా గుర్తించింది. పిల్లవాడు ఏది ఆడుతున్నాడో తెర వైపు ఒకసారి చూస్తే తెలుస్తుంది.

మా పెట్టెలోనుంచి తీసిన 1050 టీఐ వృథా పోలేదు. వేరే తీగ అక్కరలేనిది కనుక దెగ్లూరులో మా చెల్లెలిగారి దుకాణం లెక్కల కంప్యూటరులో ఇమిడిపోయింది. పాత రైజెన్ 1600 మాత్రం, పిన్నులు ఒక్కటీ వంగకుండా, దాని అట్టపెట్టెలోనే అలమరలో ఉన్నది. ఏఎమ్4 బోర్డు ఉండి ప్రొసెసరు పాడైనవారు ఎవరైనా ముఖేడ్ వైపు వస్తే పట్టుకుపోవచ్చును.