గాల్లో పట్టు తప్పని రేడియో

తక్కువ ధరకే లాంగ్ రేంజ్ కంట్రోలర్లు దొరుకుతున్న రోజులివి. సరదాకి డ్రోన్లు, చిన్న విమానాలు ఎగరేసే కొల్లాపూర్ కుర్రాళ్లు ఏది కొనాలి? పెట్టె మీద రాసిన కిలోమీటర్లను ఎంతవరకు నమ్మాలి?

కొల్లాపూర్ నుంచి సోమశిల దారిలో మామిడి తోటలు దాటి ముందుకు వెళ్తే కృష్ణమ్మ ఎదురవుతుంది. అక్కడ నిలిచేవి శ్రీశైలం జలాశయం నీళ్లే, దాని పూర్తి మట్టం 885 అడుగులు. నిండినప్పుడు నీళ్లు గుట్టల పాదాల దాకా వస్తాయి. ఎండాకాలం వెనక్కి తగ్గితే ఆరిన ఒండ్రు నేల విశాలంగా బయటపడుతుంది. అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి తేలేదీ అప్పుడే. ఫోమ్ విమానం దింపుకోవడానికి అలాంటి నేల చాలా అనువు. రేడియోకి మాత్రం అది గట్టి పరీక్ష. ఒక పక్క నీళ్లు, ఒక పక్క గుట్టలు, మధ్యలో మామిడి గుబుర్లు. మలుపు తిరుగుతున్న విమానానికి రెండు సెకన్లు సిగ్నల్ అందకపోతే చాలు, నెలల తరబడి కూడబెట్టి కొన్న సరంజామా నీళ్లపాలవుతుంది.

అందుకే ఈ సరదాలో అన్నిటికంటే ముందు, అన్నిటికంటే శ్రద్ధగా కొనాల్సింది రేడియోనే. విమానాలు విరుగుతాయి, మోటార్లు కాలిపోతాయి, బ్యాటరీలు ఉబ్బిపోతాయి. చేతిలోని ట్రాన్స్‌మిటర్ మాత్రం ఏళ్ల తరబడి ఉంటుంది. అయితే మంచి రేడియో అంటే ఖరీదైన రేడియో అన్న లెక్క ఇప్పుడు చెల్లదు.

కిలోమీటర్ల లెక్క

మీటరు రెక్కల విమానం 500 మీటర్ల దూరంలో చందమామ వెడల్పులో పావు వంతు కూడా కనిపించదు. అది మన వైపు వస్తోందో, అవతలికి పోతోందో పోల్చుకోవడమే కష్టం. కంటితో చూస్తూ ఎగరేసేవాడికి అర కిలోమీటరు దాటి పనే లేదు. మరి 20, 25 కిలోమీటర్లు అందుకునే రేడియో ఎందుకు?

జవాబు డెసిబెల్ లెక్కలో ఉంది. అడ్డేమీ లేని చోట దూరం రెట్టింపైతే సిగ్నల్ 6 డెసిబెల్స్ పడిపోతుంది. దూరం పది రెట్లయితే 20 డెసిబెల్స్ పోతాయి. ఇదే లెక్కను తిప్పి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. రిసీవర్ యాంటెనాకీ మనకీ మధ్య విమానంలోని బ్యాటరీ అడ్డొచ్చినా, కార్బన్ ఫైబర్ ఫ్రేము కప్పేసినా, పచ్చని చెట్టు మధ్యలోకి వచ్చినా, ఎగరేసేవాడు వెనక్కి తిరిగి నిలబడినా సిగ్నల్ పడిపోతుంది. ఇలాంటివి రెండు మూడు కలిస్తే 20 డెసిబెల్స్ పోవడం పెద్ద విషయం కాదు. ఖాళీ మైదానంలో కిలోమీటరు అందే రేడియోకి అంత దెబ్బ తగిలితే చేతిలో మిగిలేది 100 మీటర్లు. అదే 25 కిలోమీటర్లు అందే రేడియోకి తగిలితే ఇంకా రెండున్నర కిలోమీటర్లు మిగిలే ఉంటుంది.

లాంగ్ రేంజ్ అనే మాటను అర్థం చేసుకోవాల్సింది ఇలాగే. దూరంగా పంపడానికి కాదు, దగ్గర్లో ఎగురుతున్నది చేయి జారిపోకుండా ఉండడానికి ఆ కిలోమీటర్లు కావాలి.

క్రిస్టల్ కాలం నుంచి లోరా దాకా

వైర్లు లేకుండా యంత్రాన్ని నడిపించి చూపినవాడు నికోలా టెస్లా. 1898లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నీటి తొట్టెలో చిన్న పడవను రేడియోతో తిప్పాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు మోడల్ విమానాలు 27, 35, 72 మెగాహెర్ట్జ్ రేడియోలతో ఎగిరాయి. ఒక్కో సెట్టుకు ఒక్కో క్రిస్టల్. మైదానంలో ఒకరు ఎగరేస్తుండగా మరొకరు అదే చానల్ ఆన్ చేస్తే ఎగిరేది కూలేది. అందుకే క్లబ్బుల్లో చానళ్ల బోర్డు పెట్టి, ఎవరి వంతు క్లిప్పు వారు తగిలించుకునేవారు. 2003 ఆగస్టులో అమెరికాకు చెందిన మేనార్డ్ హిల్ బృందం బాల్సా కర్ర విమానాన్ని న్యూఫౌండ్‌ల్యాండ్ నుంచి ఐర్లాండ్ దాకా అట్లాంటిక్ దాటించింది. దాదాపు 39 గంటల ప్రయాణం. అందులో కూడా చేతి రేడియో పని చేసింది ఎగిరేటప్పుడు, దిగేటప్పుడే. మధ్య సముద్రమంతా విమానం ఆటోపైలట్ మీదే సాగింది.

2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వచ్చాక క్రిస్టళ్ల బాధ తీరింది. రేడియో సెకనుకు ఎన్నోసార్లు చానల్ మారుస్తూ పోతుంది కాబట్టి పదిమంది ఒకేసారి ఎగరేసినా ఒకరిది ఒకరికి తగలదు. కానీ దూరం సమస్య అలాగే ఉండిపోయింది. దాన్ని తీర్చింది లోరా అనే పద్ధతి. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో సైక్లియో సంస్థ దాన్ని తయారు చేస్తే, 2012లో సెమ్‌టెక్ ఆ సంస్థను కొనేసింది. మీటర్లు, పొలంలో పెట్టే సెన్సర్ల కోసం పుట్టిన పద్ధతి అది. సిగ్నల్ ఒకే స్థాయిలో నిలవకుండా కింది నుంచి పైకి సాగే కూతలా వెళ్తుంది. జాతర హోరులో కూడా తల్లి పిలుపు వరసను బిడ్డ పట్టుకున్నట్టు, రిసీవర్ ఆ కూతను రణగొణ ధ్వని అడుగు నుంచి ఏరుకుంటుంది.

మొదట్లో ఈ పద్ధతితో వచ్చిన టీమ్ బ్లాక్‌షీప్ వారి క్రాస్‌ఫైర్ పేరు తెచ్చుకుంది. దాని మాడ్యూలు, రిసీవర్లు ఆ సంస్థ సొంతవి, ధర కూడా ఎక్కువే. తర్వాత ఎక్స్‌ప్రెస్‌ఎల్ఆర్ఎస్ వచ్చింది. ప్రపంచం నలుమూలల అభిరుచి ఉన్నవాళ్లు కలిసి రాసిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అది. ఏ కంపెనీ అయినా దానికి సరిపడే పరికరాలు చేసుకోవచ్చు. ధరలు దిగిరావడానికి కారణం ఈ పోటీయే.

దాని సత్తా ఎంత? 2.4 గిగాహెర్ట్జ్‌లో సెకనుకు 250 సార్లు ఆదేశాలు పంపే వేగంలో ఈ రిసీవర్ మైనస్ 108 డీబీఎం దాకా బలహీనపడ్డ సిగ్నల్‌ను చదవగలదు. రేడియో పంపేది 100 మిల్లీవాట్లనుకుంటే అది 20 డీబీఎం. అంటే మధ్యలో 128 డెసిబెల్స్ పోయినా తట్టుకుంటుంది. ఖాళీ ప్రదేశంలో మొదటి కిలోమీటరుకు పోయేవి సుమారు 100. మిగిలిన 28తో కాగితం మీద 25 కిలోమీటర్లు వస్తుంది. నేల మీద అంత రాదు. అయినా మార్జిన్ ఎంత పెద్దదో ఈ లెక్క చెబుతుంది.

ఏది కొనాలి?

మన దేశంలో చాలామంది మొదటి రేడియో ఫ్లైస్కై ఎఫ్ఎస్-ఐ6. నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది, రిసీవర్‌తో కలిపి చవగ్గా దొరుకుతుంది, స్కూల్ ప్రాజెక్టులకు సరిపోతుంది. దీని అందుబాటు మైదానంలో కొన్ని వందల మీటర్ల నుంచి కిలోమీటరు చుట్టూ ఉంటుంది. పైన చెప్పిన 20 డెసిబెల్స్ దెబ్బను ఇది తట్టుకోలేదు.

2023లో వచ్చిన రేడియోమాస్టర్ పాకెట్ ఈ పరిస్థితిని మార్చింది. అంతర్జాతీయ మార్కెట్లో 65 డాలర్ల చుట్టుపక్కల ధరతో విడుదలైంది. ఇక్కడికి వచ్చేసరికి రవాణా, సుంకం, దుకాణదారు లాభం కలుస్తాయి. బరువు 300 గ్రాముల లోపే. స్టిక్కుల్లో అరిగిపోని హాల్ సెన్సర్లు, 250 మిల్లీవాట్ల ఎక్స్‌ప్రెస్‌ఎల్ఆర్ఎస్, ఎన్ని మోడళ్లనైనా సర్దుకునే ఎడ్జ్‌టీఎక్స్ సాఫ్ట్‌వేర్ ఇందులో ఉన్నాయి. రెండు 18650 సెల్స్ మాత్రం విడిగా కొనుక్కోవాలి. చేతులు పెద్దవైతే అదే సంస్థ బాక్సర్ పట్టుకోవడానికి హాయిగా ఉంటుంది. జంపర్ టీ-ప్రో, బీటాఎఫ్‌పీవీ లైట్‌రేడియో 3 కూడా ఈ కోవలోవే.

కొనేటప్పుడు మూడు చోట్ల కొత్తవాళ్లు పొరబడతారు. ఒకే రేడియో రెండు రకాలుగా అమ్ముడవుతుంది. పాకెట్‌లోనే ఎక్స్‌ప్రెస్‌ఎల్ఆర్ఎస్ రకం వేరు, పాత ప్రోటోకాళ్ల సీసీ2500 రకం వేరు. పెట్టె మీది అక్షరాలు చదివాకే డబ్బివ్వాలి. రెండోది, గోరంత నానో రిసీవర్‌కు సర్వోల (రెక్కల పలకలను తిప్పే చిన్న మోటార్ల) వైర్లు గుచ్చే పిన్నులు ఉండవు. అది ఫ్లైట్ కంట్రోలర్ ఉన్న డ్రోన్‌కు పనికొస్తుంది. మామూలు విమానానికి పీడబ్ల్యూఎం పిన్నులున్న రిసీవర్ కావాలి. మూడోది సాఫ్ట్‌వేర్ వెర్షన్. రేడియోలో 3, రిసీవర్‌లో 2 ఉంటే అవి ఒకదానితో ఒకటి జత (బైండ్) కావు. చెడిపోయిందనుకుని వెనక్కి పంపే ముందు రెండిట్లోనూ ఒకే వెర్షన్ ఎక్కించి చూడాలి.

ఇక ఎక్స్‌ప్రెస్‌ఎల్ఆర్ఎస్ పని చేసే మరో బ్యాండ్, 866 మెగాహెర్ట్జ్ సంగతి. ఆకులు, కొమ్మల గుండా ఈ తరంగం 2.4 గిగాహెర్ట్జ్ కంటే బాగా దూరుతుంది. కానీ యాంటెనాలు పెద్దవి, రేడియోకి అదనపు మాడ్యూలు తగిలించాలి, వేగమూ తక్కువే. కంటి దూరంలో ఎగరేసేవాడికి దాని అవసరం రాదు. అమెరికా కోసం చేసిన 915 మెగాహెర్ట్జ్ సెట్లను మాత్రం ముట్టుకోకూడదు. మన దగ్గర సెల్‌ఫోన్లు టవర్‌తో మాట్లాడే 890-915 బ్యాండ్‌లోకి అవి చొరబడతాయి.

చివరి 31 మిల్లీమీటర్లు

రిసీవర్ నుంచి వచ్చే సన్నని నల్ల తీగ మొత్తం యాంటెనా కాదు. చాలా రిసీవర్లలో దాని చివర తొడుగు ఒలిచిన ముక్క, సుమారు 31 మిల్లీమీటర్లు, అదే సిగ్నల్ పట్టేది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగంలో అది పావు వంతు. ఆ ముక్క తెగినా, మడత పడినా, బ్యాటరీ కింద నలిగినా ఎంత ఖరీదైన రేడియో అయినా చేయగలిగింది లేదు. దాన్ని ఫోమ్ మీద చాపి టేపు వేయాలి. మోటారు వైర్లకు, కార్బన్‌కు దూరంగా పెట్టాలి. ట్రాన్స్‌మిటర్ వైపు కూడా ఒక నియమం ఉంది. యాంటెనా మొనను విమానం వైపు గురిపెట్టకూడదు. సిగ్నల్ దాని పక్కల నుంచే బలంగా వెళ్తుంది, మొన దగ్గర దాదాపు ఉండదు.

ఫెయిల్‌సేఫ్ ఇంకా ముఖ్యం. సిగ్నల్ తెగగానే మోటారు ఆగిపోవాలి. ప్రొపెల్లర్ విప్పేసి, మోటారు కాస్త తిప్పుతూ, రేడియో ఆఫ్ చేసి చూడాలి. మోటారు ఆగితేనే ప్రొపెల్లర్ మళ్లీ బిగించాలి. తర్వాత రేడియో పవర్ 10 మిల్లీవాట్లకు తగ్గించి, స్నేహితుడి చేతికి విమానం ఇచ్చి దూరంగా నడిపించాలి. తెర మీద ఎల్‌క్యూ (లింక్ నాణ్యత) 100 దగ్గరే నిలకడగా ఉందో లేదో, అతను విమానాన్ని అటూ ఇటూ తిప్పినప్పుడు ఏ వైపు పడిపోతోందో గమనించాలి. ఆ వైపే ఏదో అడ్డు ఉన్నట్టు.

చట్టం పెట్టిన హద్దు

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను లైసెన్స్ లేకుండా వాడుకోవడానికి కేంద్రం 2005లోనే వీలు కల్పించింది. రేడియో ఎంత దూరం అందుతుందన్నది ఒక సంగతి, విమానం ఎంత దూరం పోవచ్చన్నది వేరే సంగతి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపువి నానో, 2 కిలోల లోపువి మైక్రో. నానో డ్రోన్లకు, వ్యాపారానికి వాడని మైక్రో డ్రోన్లకు పైలట్ లైసెన్స్ అక్కర్లేదు. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో ఎత్తు 400 అడుగులకు మించకూడదు. చూపు మేరలోనే ఎగరేయాలి. రిజిస్ట్రేషన్ సంగతి, జోన్ల మ్యాపు ఎగరేసే ముందే చూసుకోవాలి.

చూపు దాటి ఎగరేయడం ఎంత ఏర్పాటుతో కూడిన పనో వికారాబాద్ చూపింది. 2021 సెప్టెంబరు 11న అక్కడ 'మెడిసిన్ ఫ్రమ్ ద స్కై' మొదలైనప్పుడు డ్రోన్లు టీకాలు మోశాయి. దాని వెనక కేంద్రం ఇచ్చిన ప్రత్యేక మినహాయింపు, రాష్ట్ర ప్రభుత్వం, వరల్డ్ ఎకనామిక్ ఫోరం, నీతి ఆయోగ్ ఉన్నాయి. సరదాకి ఎగరేసేవాడికి అలాంటి వెసులుబాటు లేదు. కొల్లాపూర్ వాళ్లకు ఇంకో జాగ్రత్త కూడా కావాలి. నల్లమలలో 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడిన అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ ఉంది. అటవీ శాఖ అనుమతి లేకుండా దాని మీద ఎగరేయకూడదు. ఎత్తిపోతల పంపుహౌస్‌ల లాంటి చోట్లకూ దూరంగా ఉండాలి.

రేడియో చేతికి వచ్చాక మొదటి కొన్ని వారాలు దాన్ని యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపి సిమ్యులేటర్‌లో సాధన చేయడం మంచిది. అక్కడ ఎన్నిసార్లు కూల్చినా పైసా పోదు. పెద్ద రేడియోకూ చిన్న రేడియోకూ ఉన్న ధర తేడా చేతిలో మిగిలితే, దాన్ని ఒక అదనపు రిసీవర్ మీద, ఒక జీపీఎస్ మాడ్యూల్ మీద పెట్టాలి. ఫ్లైట్ కంట్రోలర్‌కు జీపీఎస్ కలిపితే విమానం ఉన్న అక్షాంశ రేఖాంశాలు ఎప్పటికప్పుడు రేడియో తెర మీదికి వస్తుంటాయి. తోటల వెనక ఎక్కడో దిగిపోయినా, చివరిగా నమోదైన అంకెలను ఫోన్ మ్యాపులో కొట్టి నేరుగా ఆ చెట్టు దగ్గరికే నడిచి వెళ్లొచ్చు.