పేలిన తర్వాత కూడా చంపే గుండు

1782లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో విలియం వాట్స్ అనే ప్లంబర్ తన ఇంటి అంతస్తులన్నిటికీ కన్నాలు కొట్టించాడు. ఇంటి మీద గోపురం లేపాడు, కింద నేలను లోతుగా తవ్వించాడు. గోపురం పైన సీసం కరిగించి, సన్నని రంధ్రాలున్న పళ్ళెంలో పోసి, అడుగున ఉన్న నీటి తొట్టిలోకి రాలనిచ్చాడు. మన ఇళ్ళలో బూందీ దూసే పద్ధతే ఇది. కాకపోతే పిండి చుక్క నూనెలో పడ్డాక గట్టిపడుతుంది, సీసం చుక్క గాలిలో పడుతుండగానే గట్టిపడుతుంది. కిందికి జారే చుక్కను తలతన్యత అన్ని వైపుల నుంచీ లోపలికి లాగి గుండ్రంగా చేస్తుంది. సీసంలో కాస్త ఆర్సెనిక్ కలిపితే ఆ గుండ్రదనం ఇంకా బాగా కుదురుతుంది. నీళ్ళు పడిన గుండును చల్లార్చి, నొక్కుకుపోకుండా ఆపుతాయి.

అంతకు ముందు తయారైన తుపాకి గుళ్ళు వంకరగా, తోకలతో ఉండేవి. అలాంటివి గాలిలో దారి తప్పేవి. వాట్స్ గుళ్ళు దాదాపు ఒకే తీరుగా వచ్చాయి, పైగా చవక. పేటెంటు వచ్చింది, ఊరూరా గోపురాలు లేచాయి. 1828లో అమెరికాలోని బాల్టిమోర్‌లో కట్టిన గోపురం ఎత్తు 234 అడుగులు. అది ఈనాటికీ నిలిచే ఉంది. బ్రిస్టల్‌లోని మొదటి గోపురాన్ని మాత్రం 1968లో రోడ్డు వెడల్పు చేయడానికి కూల్చేశారు.

వేటకు సీసం ఎందుకు అంత బాగా కుదిరిందో చూస్తే, అది తెచ్చిన చేటు కూడా అర్థమవుతుంది. సీసం ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాముల బరువు, అందువల్ల దూరం పోయినా వేగం నిలుపుకుంటుంది. 327 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది, పోత పోయడం తేలిక. మెత్తనిది కాబట్టి తుపాకి గొట్టాన్ని గీరదు, జంతువుకు తగలగానే చదునై వెడల్పుగా గాయం చేస్తుంది. ఈ మెత్తదనమే పక్షి కడుపులోకి వెళ్ళాక ఇంకో రకంగా పనిచేస్తుంది.

పక్షుల వేటకు వాడే ఒక్కో తూటాలో రెండు మూడు వందల చిన్న గుళ్ళు ఉంటాయి. బాతుకు తగిలేవి కొన్నే. మిగిలినవన్నీ చిత్తడి నేలలో, చెరువు అడుగు బురదలో పడతాయి. ఒకే గట్టు మీద ఏళ్ళ తరబడి వేట సాగితే అక్కడి బురద సీసంతో నిండిపోతుంది. బాతుకు పళ్ళు లేవు. గింజలను నూరడానికి గులకరాళ్ళు మింగి కందనకాయలో దాచుకుంటుంది. సీసపు గుండు దానికి గులకరాయిలాగానో గింజలాగానో కనిపిస్తుంది. కందనకాయ దాన్ని రాళ్ళ మధ్య నూరుతుంది, ఆమ్లం కరిగిస్తుంది, సీసం రక్తంలోకి చేరుతుంది. శరీరం దాన్ని కాల్షియం అనుకుని నరాల్లోకీ ఎముకల్లోకీ రానిస్తుంది. రక్తం తయారీకి కావలసిన ఎంజైము పనిచేయడం మానేస్తుంది. పేగుల కదలిక ఆగిపోతుంది. తిన్న తిండి కడుపులో అలాగే ఉండగా పక్షి ఆకలితో చిక్కి, రెక్కలు వాలేసి, కొన్ని వారాల్లో చనిపోతుంది.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. వేటగాడూ ప్రకృతి పరిశీలకుడూ అయిన జార్జ్ బర్డ్ గ్రిన్నెల్ 1894లోనే అమెరికాలో దీని గురించి రాశాడు. అయినా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. జబ్బుపడిన బాతు తుంగలోకి దూరి చస్తుంది, నక్కో గద్దో వెంటనే తినేస్తుంది, లెక్కకు శవం దొరకదు. 1959లో ఇలినాయిస్‌కు చెందిన ఫ్రాంక్ బెల్‌రోజ్ వేలాది కందనకాయలు పరీక్షించిన లెక్కలు ముందు పెట్టి, ఉత్తర అమెరికా నీటిపక్షుల్లో ఏటా 2 నుంచి 3 శాతం సీసం వల్లే పోతున్నాయని అంచనా వేశాడు. నా దృష్టిలో వాదన అక్కడితో ముగియాల్సింది. నీటిపక్షుల వేటలో సీసపు గుళ్ళను దేశమంతటా నిషేధించడానికి అమెరికాకు 1991 దాకా పట్టింది.

మధ్యలో గడిచిన ముప్పై ఏళ్ళూ నడిచిన వాదన చాలావరకు సీసానికి బదులు వాడే ఉక్కు గుళ్ళ గురించే. వేటగాళ్ళ అభ్యంతరాలు వట్టి మొండితనం కావు. ఉక్కు సాంద్రత 7.8 మాత్రమే, కాబట్టి అదే సైజు గుండు త్వరగా వేగం కోల్పోతుంది. గట్టిది కావడం వల్ల పాత తుపాకుల పల్చని గొట్టాలను పాడుచేయగలదు. పక్షి చావకుండా గాయాలతో ఎగిరిపోతుందేమోనని భయపడ్డారు. వీటన్నిటికీ జవాబులు దొరికాయి. ఒకటి రెండు సైజులు పెద్ద గుళ్ళు వాడాలి, మరీ దూరం నుంచి కాల్చకూడదు, పాత తుపాకి ఉన్నవాళ్ళు ఖరీదెక్కువైనా బిస్మత్ గుళ్ళు కొనుక్కోవాలి. నిషేధం తర్వాత మిసిసిపీ పక్షి మార్గంలో జరిగిన అధ్యయనం, 1997లో ఒక్క ఏడాదే ఉత్తర అమెరికాలో సుమారు 14 లక్షల బాతులు ఈ చావు తప్పించుకున్నాయని లెక్కగట్టింది.

అయితే ఆ చట్టం నీటిపక్షుల వేటకే పరిమితం. జింకను కొట్టే రైఫిల్ తూటాలో సీసం అలాగే మిగిలింది. వేగంగా వెళ్ళి ఎముకకు తగిలిన సీసపు తూటా వందల ముక్కలవుతుంది, కొన్ని ఇసుక రేణువుల కన్నా చిన్నవి. వేటగాడు మాంసం తీసుకుని పేగులు అక్కడే వదిలేస్తాడు. ఆ కుప్పలను ఎక్స్‌రే తీస్తే తెల్లని చుక్కలు చల్లినట్టు కనిపిస్తాయి. వాటి మీద వాలేది కాలిఫోర్నియా కాండర్. రెక్కలు చాపితే దాదాపు మూడు మీటర్లుండే రాబందు జాతి పక్షి ఇది. 1982లో ఈ జాతిలో మిగిలినవి 22 మాత్రమే. 1987లో అడవిలో ఉన్న చివరి పక్షిని కూడా పట్టి, బోనుల్లో పిల్లల్ని పొదిగించి, 1992 నుంచి మళ్ళీ వదలడం మొదలుపెట్టారు. వదిలిన వాటిని చంపుతున్నదీ ఎక్కువగా సీసమే. రెండేళ్ళకోసారి ఒకే గుడ్డు పెట్టే పక్షి ఇలాంటి నష్టాన్ని పూడ్చుకోలేదు.

ఈ సీసం రంగు నుంచో పాత పెట్రోలు నుంచో వచ్చి ఉండొచ్చని కొందరు వాదించారు. కానీ ఒక్కో గని సీసంలో ఐసోటోపుల నిష్పత్తి ఒక్కో రకంగా ఉంటుంది. 2012లో వచ్చిన అధ్యయనంలో కాండర్ల రక్తంలోని సీసాన్ని తూటాల సీసంతో పోల్చి చూస్తే, విషం తిన్న పక్షుల్లో చాలా వాటిలో నిష్పత్తి తూటాలదానితో సరిపోయింది. 2022లో సైన్స్ పత్రిక 38 రాష్ట్రాల్లో పరీక్షించిన 1,210 గద్దల ఫలితాలు ప్రచురించింది. బట్టతల గద్దల్లోనూ బంగారు గద్దల్లోనూ దాదాపు సగానికి దీర్ఘకాలిక సీసం విషప్రభావం ఉంది.

సాక్ష్యం ఇలా పోగవుతున్నా నిర్ణయం రాజకీయంగానే జరిగింది. 2017 జనవరి 19న, ఒబామా పాలన చివరి పూర్తి రోజు, కేంద్ర వన్యప్రాణి శరణాలయాల్లో సీసాన్ని క్రమంగా తొలగించాలని ఉత్తర్వు వచ్చింది. ఆ మార్చి 2న, శరణాలయాలను చూసే శాఖ కొత్త మంత్రి ర్యాన్ జింకీ బాధ్యతలు తీసుకున్న మొదటి రోజే దాన్ని రద్దు చేశాడు. తుపాకి సంఘాలు ఆ ఉత్తర్వును వేట మీద దాడిగా చూపించాయి. అమెరికాలో 1937 నుంచి తుపాకులు, తూటాల మీద వేసిన పన్ను డబ్బే వన్యప్రాణి సంరక్షణకు పెద్ద ఆధారం. వేటగాళ్ళను శత్రువులుగా చూసి ఈ పని జరగదు. అరిజోనాలో ప్రభుత్వం రాగి తూటాలు ఉచితంగా పంచినప్పుడు చాలామంది సంతోషంగానే తీసుకున్నారు. రాగి తూటా పూరేకుల్లా విచ్చుకుంటుంది గానీ పెద్దగా ముక్కలు కాదు.

అలాగని స్వచ్ఛందమే చాలనడం కూడా నేను ఒప్పుకోను. బ్రిటన్‌లో 2020లో వేట సంఘాలే ముందుకొచ్చి ఐదేళ్ళలో సీసం మానేస్తామని ప్రకటించాయి. పరిశోధకులు ఏటా దుకాణాల్లో ఫెజెంట్ పక్షులను కొని, వాటి మాంసంలో దొరికిన గుళ్ళను పరీక్షించారు. ఐదో ఏడాదికి కూడా 99 శాతం సీసమే. చివరికి 2025లో ప్రభుత్వమే నిషేధం ప్రకటించింది.

మన దేశంలో వన్యప్రాణుల వేటే చట్టవిరుద్ధం కాబట్టి ఈ చర్చ దూరంగా అనిపించవచ్చు. కానీ కళేబరం ద్వారా వచ్చే విషం ఏం చేయగలదో మన రాబందులు చూపించాయి. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వాటిని దాదాపు తుడిచిపెట్టింది. దాన్ని 2006లో పశువైద్యంలో నిషేధించారు, అయినా రాబందుల సంఖ్య ఇంకా మునుపటి స్థాయికి చేరలేదు. మన విసురు వలల అంచుకూ సీసపు గుళ్ళే కడతారు. బ్రిటన్‌లో గాలాలకు కట్టే సీసపు గుళ్ళు మింగి హంసలు చచ్చిపోతుంటే, 1987లో వాటి అమ్మకం ఆపేశారు, హంసలు మళ్ళీ పెరిగాయి.

సీసం లేకుండా వేట సాగదన్న మాటకు డెన్మార్క్‌ను చూడాలి. అక్కడ 1996లోనే పక్షుల వేటకు వాడే సీసపు గుళ్ళను పూర్తిగా నిషేధించారు, అడవిలోనూ పొలంలోనూ కూడా. వేటగాళ్ళు వేట మానలేదు. ఆ అనుభవం చూసుకునే 2024 ఏప్రిల్ నుంచి రైఫిల్ తూటాల్లో సీసాన్ని కూడా ఆ దేశం నిషేధించింది.