కెరటముల బలము - ఉదజని ఉత్పత్తి

సముద్రపు కెరటము రేయింబవళ్లు తీరమును కొట్టుచునే యుండును. ఆ బలముతో విద్యుచ్ఛక్తిని పుట్టించి, దానితో నీటినుండి ఉదజనిని, అనగా హైడ్రోజన్ వాయువును తీయవచ్చుననియు, ఆ పనితోడనే గాలిలోని బొగ్గుపులుసు వాయువును సముద్రజలమున బంధింపవచ్చుననియు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఈ మాటను విన్నవారిలో కొందరు ఇక మన కష్టములన్నియు తీరినవని సంతసించుచున్నారు. మరికొందరు పగటికలయని త్రోసివేయుచున్నారు. రెండును తొందరపాటులే. లెక్క చూచిన పిమ్మట తీర్పు చెప్పుట యుచితము.

దీనితో మన రైతునకేమి పని యని అడుగవచ్చును. రైతు కొను యూరియా అమ్మోనియానుండి తయారగుచున్నది. అమ్మోనియాకు ఉదజని కావలయును. ఆ ఉదజని నేడు ముఖ్యముగా సహజవాయువునుండి లభించుచున్నది. మన దేశము వాడు సహజవాయువులో ఇంచుమించు సగము విదేశములనుండి దిగుమతి యగుచున్నది. కావున ఎక్కడనో యుద్ధము పుట్టి ఓడలు నిలిచినచో, ఆ భారము మన ఎరువుల లెక్కపై వచ్చి పడును. మరియు ఈ పద్ధతిలో ఒక కిలో ఉదజనిని తీయుటకు 9, 10 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియుచున్నది.

ఈ పారతంత్ర్యమును తగ్గించుటకే భారత ప్రభుత్వము 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయల వ్యయముతో హరిత ఉదజని పథకమును ఆమోదించినది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు ఉత్పత్తి చేయవలయునని దాని సంకల్పము. మన విశాఖపట్టణమునకు చేరువనున్న పూడిమడకలో ఇట్టి కేంద్రమునకు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగినది. సంకల్పము శ్లాఘ్యమే. కాని విద్యుద్విశ్లేషణముచే ఒక కిలో ఉదజనిని తీయుటకు 50 మొదలు 55 యూనిట్ల విద్యుచ్ఛక్తి వ్యయమగును. కిలోకు 55 యూనిట్ల చొప్పున 50 లక్షల టన్నులకు 27,500 కోట్ల యూనిట్లు కావలయును. ఆ విద్యుత్తును బొగ్గుతో పుట్టించినచో, ఒక్కొక్క కిలోకు 40 కిలోలకు మించిన బొగ్గుపులుసు వాయువు పొగగొట్టముల వెడలును. పాత పద్ధతికంటె ఇది నాలుగింతలు హానికరము. కిలో ఉదజనికి 2 కిలోలకు మించని బొగ్గుపులుసు వాయువు వెలువడినప్పుడే దానిని హరిత ఉదజని యనవలయునని 2023 ఆగస్టులో ప్రభుత్వమే నియమము చేసినది. అందుచేత సూర్యుని, గాలిని, కెరటమును ఆశ్రయింపక గత్యంతరము లేదు.

సూర్యుడు రాత్రివేళ ఉండడు. వర్షఋతువున మబ్బుచాటున నుండును. నైరుతి పవనములు వీచు ఆ నెలలలోనే సముద్రము పొంగి కెరటములు బలము పుంజుకొనును. కెరటము ఎత్తు రెండింతలైన దాని శక్తి నాలుగింతలగును. ఒకటి విశ్రమించినప్పుడు వేరొకటి పనిచేయును గనుక ఈ రెండును చక్కని జోడెద్దులు. అయితే మన తీరమున కెరటముల బలము ఉత్తర అట్లాంటిక్ తీరములలో నున్నంత లేదు. భారతదేశపు తీరమంతటను కలిపి 40,000 మెగావాట్ల వరకు శక్తి యుండవచ్చునని అంచనా. అందులో చేజిక్కునది కొంత భాగము మాత్రమే. కావున కెరటమును ప్రధానాధారముగా గాక సహాయకునిగా నెంచుట వివేకము.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. తిరువనంతపురము చెంతనున్న విళింజం రేవున, అలలగోడ యొద్ద, మద్రాసు ఐ.ఐ.టి. శాస్త్రజ్ఞుల కృషి ఫలితముగా 150 కిలోవాట్ల కెరటవిద్యుత్ కేంద్రము 1991లోనే వెలసినది. దాని యమరిక సులభగ్రాహ్యమైనది. అడుగు తెరచియున్న కాంక్రీటు గదిలోనికి కెరటము చొచ్చినప్పుడు లోపలి గాలి పైకి నెట్టబడును. కెరటము వెనుకకు తగ్గినప్పుడు బయటి గాలి లోనికి పీల్చబడును. గాలి ఎటు వీచినను ఒకే వైపునకు తిరుగు టర్బైను ఆ గది పైన నుండును. బెల్ఫాస్టు విశ్వవిద్యాలయపు ఆచార్య వెల్స్ కల్పించిన యంత్రమిది. తరువాత అచ్చటనే ఉప్పునీటిని మంచినీటిగా మార్చు ప్రయత్నమును జరిగినది. ఆ కేంద్రము నేడు పనిచేయుటలేదు. ఐరోపాలో స్పెయిను దేశస్థులు ముత్రికు అను చిన్న రేవున, అలలగోడలోనే 16 టర్బైనులను అమర్చి, 296 కిలోవాట్ల కేంద్రమును 2011లో ప్రారంభించిరి. వారికంటె ఇరువది యేండ్లు ముందుగా మొదలిడిన మనము ఆ పనిని నిలువబెట్టుకొనలేకపోతిమి. ఇది విచారింపదగిన విషయము.

విళింజం మనకొక పాఠము నేర్పినది. కెరటమునుండి వచ్చు విద్యుత్తు క్షణక్షణము హెచ్చుతగ్గులు చెందును. దానిని దూరపు తీగలకెక్కించుటకంటె, పుట్టినచోటనే ఒక వస్తువుగా మార్చుకొనుట మేలు. మంచినీరు అట్టి వస్తువు, ఉదజనియు అట్టిదే.

ఇక బొగ్గుపులుసు వాయువు మాట. సముద్రజలమును విద్యుత్తుచే విడదీసినప్పుడు ఒక కొసను ఉదజనియు క్షారమును, రెండవ కొసను ప్రాణవాయువును ఆమ్లమును పుట్టును. ఆ క్షారము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టి, నీట కరగిన లవణరూపమున దీర్ఘకాలము నిలుపును. రసాయనశాస్త్రపు లెక్క ప్రకారము ఒక కిలో ఉదజనితో పుట్టిన క్షారము గరిష్ఠముగా 44 కిలోల వాయువును బంధింపగలదు. ఇది విన సొంపైన మాటయే. కాని క్షారమెంతయో ఆమ్లమును అంతే పుట్టును. ఆ ఆమ్లమును సముద్రమున వదలినచో బంధింపబడిన వాయువు మరల విడివడును. చేసిన పని వ్యర్థమగును. దానిని నల్లరాతి వంటి రాతిపొడితో శమింపజేయవలయును. రాతిని త్రవ్వుటకు, పొడిచేయుటకు, మోయుటకు అగు శక్తిని లెక్కనుండి తీసివేయవలయును. పైగా ఉప్పునీటినుండి ప్రాణవాయువునకు బదులు విషవాయువైన క్లోరిన్ వెలువడకుండ జాగ్రత్తపడవలయును. లాస్ ఏంజిలిసు నగరపు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు రూపొందించిన ఇట్టి పద్ధతి 2023లో ఆ నగరపు రేవునను సింగపూరునను చిన్న యెత్తున పరీక్షింపబడినది. విద్య ఇంకను పసితనముననే యున్నది.

విళింజం కేంద్రము వంటిది పగలును రాత్రియు పూర్ణశక్తితో పనిచేసినదనుకొందము. రోజునకు 3,600 యూనిట్లు. ఉదజని సుమారు 65 కిలోలు. దానితో తయారగు యూరియా 45 కిలోల బస్తాలు పదునాలుగు మాత్రమే. కెరటము సదా పూర్ణశక్తితో నుండదు గనుక నిజముగా దక్కునది ఇంకను తక్కువ. ఇట్టి కేంద్రమొకటి దేశమును ఉద్ధరించునని ఎవరైన చెప్పినచో నమ్మరాదు. అంతమాత్రమున చేయి ముడుచుకొని కూర్చుండుటయు తగదు. విద్య చిన్న కేంద్రములలోనే పెరుగును. అనుభవమును ధన మిచ్చి కొనలేము.

మన ఆంధ్రతీరమున జువ్వలదిన్నె, నిజాంపట్నము, మచిలీపట్టణము, ఉప్పాడలలో చేపలరేవుల నిర్మాణమునకు ప్రభుత్వము పూనుకొన్నది. రేవునకు అలలగోడ ఎటులను కావలయును. తగిన లోతును కెరటమును ఉన్న ఒకచోట ఆ గోడలోనే నాలుగు గాలిగదులను చేర్చి చూడవచ్చును. మొదట పుట్టు శక్తి మత్స్యకారులకు మంచినీటికిని మంచుగడ్డలకును వినియోగపడవలెను. అది నిలకడ చెందిన పిమ్మట ఉదజనిని, ఆ పైని బొగ్గుపులుసు బంధనమును పరీక్షింపవచ్చును. నార్వేలో 1985లో స్థాపింపబడిన కేంద్రము మూడేండ్లకే తుపానుచే కూలినది. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్‌ను ఎరిగిన మనకు ఆ హెచ్చరిక చాలును. కట్టడము తుపానునకు నిలువగల దార్ఢ్యము కలిగియుండవలయును.

కడపట రెండు నియమములు ఆవశ్యకములు. సముద్రము మత్స్యకారుని పొలము. అతని పడవ త్రోవను, వల వేయు చోటును అతని సమ్మతి లేక ఆక్రమింపరాదు. నీటిలో వదలు క్షారామ్లముల లెక్క అతనికిని తెలియవలయును. రెండవది, ఎన్ని టన్నుల వాయువును బంధించితిమని చెప్పుకొను కర్మాగారము ఆ లెక్కను స్వతంత్ర పరీక్షకుల యెదుట బహిరంగముగా నుంచవలయును. సముద్రమున దాచితిమను పేరుతో పొగగొట్టములకు అనుమతి సంపాదించుట లోకమును వంచించుటయే యగును.

1991లో ఆరంభించిన పనిని మధ్యలో విడిచితిమి. ఇప్పుడు మరల ఆరంభించువారు కొద్దిగా మొదలిడినను కడదాక నడపుదురు గాక. కెరటమునకు ఓర్పున్నది, మనకును ఆ ఓర్పు కావలయును.