మంచుగడ్డ కింద చేపలు – మా తాజంగి నీళ్ళు



డిసెంబరు నెలలో లైబ్రరీ పిరియడ్‌లో ఒక జనరల్ నాలెడ్జి పుస్తకంలో బొమ్మ చూశాను. తెల్లటి మైదానంలో ఒకాయన చిన్న స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అతని కాళ్ళ ముందు పళ్ళెం అంత గుండ్రటి కన్నం ఉంది. అందులోకి గాలం వేసి ఉన్నాడు. బొమ్మ కింద "గడ్డకట్టిన సరస్సుపై చేపల వేట" అని రాసి ఉంది. అది మైదానం కాదు, చెరువే! నీళ్ళ మీదే కూర్చున్నాడన్నమాట.

మా బెంచీలో గొడవ మొదలైంది. "చెరువు గడ్డకట్టేస్తే చేపలు కూడా గడ్డకట్టి చచ్చిపోవా? ఆ కన్నంలోంచి ఏటి వస్తాదే, చచ్చిన చేపా?" అని నా స్నేహితురాలు నవ్వింది. నాకు జవాబు రాలేదు. మాది చింతపల్లి మండలంలో తాజంగి రిజర్వాయరు పక్క ఊరు. మా అయ్య అందులోనే చేపలు పడతాడు. అలాంటిది చేపల గురించి అడిగితే నాకు తెలియలేదని సిగ్గేసింది. అందుకని సైన్సు సారుని అడిగి, పుస్తకాలు చూసి, సంక్రాంతి సెలవుల్లో అయ్యని కూడా అడిగి ఈ వ్యాసం రాస్తున్నాను. ఆ సెలవుల్లోనే మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. అది చివర రాశాను. దయచేసి మధ్యలో ఆపకండి.

చేపలు ఎందుకు చావవు?

మంచు అంటే మనకి పొగమంచే. గడ్డ మంచుని, అంటే ఐసుని, మనలో చాలామంది దగ్గరగా చూసింది కిందటేడు స్కూలు టూరులో, విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో. గుర్తుందా? పెద్ద పెద్ద ఐసు దిమ్మల్ని మిషనులో వేసి పొడి చేసి బోట్లలోకి పోస్తున్నారు. బోట్లు రోజుల తరబడి సముద్రం మీదే ఉంటాయి కాబట్టి పట్టిన చేప పాడవకుండా ఐసు తీసుకుపోతారని చెప్పారు. అక్కడ ఒక నీళ్ళ తొట్టెలో ఐసు ముక్కలు పడి ఉన్నాయి. అవి మునగలేదు, తేలుతున్నాయి. అప్పుడు మనం ఎవరం దాన్ని పట్టించుకోలేదు. కానీ అసలు జవాబు అందులోనే ఉంది.

చాలా వస్తువులు చల్లబడితే దగ్గరకి ముడుచుకుంటాయి. నీళ్ళు కూడా అంతే. చల్లబడిన నీరు చిక్కబడి, బరువై కిందికి దిగిపోతుంది. కానీ ఇది 4 డిగ్రీల వరకే. 4 డిగ్రీల దగ్గర నీరు అన్నిటికంటే బరువు. అంతకన్నా చల్లబడితే తిరిగి వ్యాకోచిస్తుంది. 0 డిగ్రీల దగ్గర గడ్డకట్టేటప్పుడు ఇంకా పెరుగుతుంది. 100 గ్లాసుల నీళ్ళు గడ్డకడితే దానికి సుమారు 109 గ్లాసుల చోటు కావాలి. బరువు మాత్రం అంతే. అందుకే ఐసు తేలుతుంది.

కాబట్టి చలి దేశాల్లో చెరువు పైనుంచి గడ్డకడుతుంది, అడుగు నుంచి కాదు. లోతు చెరువైతే అడుగున 4 డిగ్రీల నీళ్ళు నీళ్ళగానే ఉంటాయి. పైనున్న గడ్డ దుప్పటి లాగ పనిచేస్తుంది. బయట గాలి ఎంత చల్లగా ఉన్నా లోపలి వేడి తొందరగా పోదు. చేపలు ఆ అడుగుకి చేరతాయి. చేప వొంటికి సొంత వేడి ఉండదు, నీళ్ళ వేడే దాని వేడి. చలిలో దాని గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది, తిండి బాగా తగ్గిపోతుంది, కదలిక తగ్గుతుంది. చల్లటి నీళ్ళలో ప్రాణవాయువు ఎక్కువ కరుగుతుంది కనుక ఊపిరికీ లోటుండదు. ఒకవేళ ఐసు బరువై మునిగేదైతే చెరువు అడుగు నుంచి పైదాకా గడ్డకట్టి, చేప అన్నదే మిగిలేది కాదు.

అయితే నా స్నేహితురాలు పూర్తిగా తప్పు కాదు. గడ్డ మీద మళ్ళీ మెత్తటి మంచు దట్టంగా పడితే లోపలికి వెలుతురు పోదు. అప్పుడు నీటి మొక్కలు ప్రాణవాయువు తయారుచేయలేవు. లోతు తక్కువ చెరువుల్లో ఒక్కోసారి చేపలు ఊపిరాడక చచ్చిపోతాయి. అంటే చలి వల్ల కాదు, చీకటి వల్ల.

కన్నం పెట్టి ఎలా పడతారు?

వడ్రంగి బర్మా లాంటి పెద్ద పనిముట్టుని తిప్పుతూ గడ్డకి జానెడు వెడల్పు కన్నం పెడతారు. కన్నంలో తేలే ఐసు ముక్కల్ని చిల్లుల గరిటెతో తోడేస్తారు, లేదంటే మళ్ళీ పూడుకుపోతుంది. గాలం కర్ర పొట్టిగా ఉంటుంది, ఎందుకంటే నీళ్ళు కాళ్ళ కిందే ఉన్నాయి కదా! చేప మందంగా ఉంటుంది కనుక ఎరని నెమ్మదిగా ఆడిస్తూ కూర్చోవాలి. కొందరు గాలికి అడ్డంగా చిన్న గుడారం వేసుకుంటారు.

నాకు బాగా నచ్చింది వల సంగతి. కెనడాలో ఇన్యూట్, క్రీ అనే వాళ్ళు, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ దేశాల్లో సామీలు ఉన్నారు. వాళ్ళు కూడా మనలాగే ఆదివాసులు. వాళ్ళు గడ్డ కింద వల పరుస్తారు! గడ్డ మీద వరసగా కన్నాలు పెడతారు. పొడుగాటి కర్రకి తాడు కట్టి మొదటి కన్నంలోంచి రెండో కన్నానికి, దాన్నుంచి మూడో కన్నానికి నీళ్ళలోనే తోస్తూ పోతారు. చివరి కన్నంలోంచి తాడు పైకి తీసి లాగితే వెనకాల వల వస్తుంది. అంతే, గడ్డ కింద వల గోడలాగ నిలబడుతుంది. మర్నాడు వచ్చి రెండు కొసలా కన్నాలు తెరిచి చేపలు తీసుకుంటారు. ఇది ఏ కాలేజీలోనూ నేర్చుకున్నది కాదు, తాతల నుంచి వచ్చినది.

దక్షిణ కొరియాలో హ్వాచన్ అనే ఊళ్ళో 2003 నుంచి జనవరి నెలల్లో దీన్ని పండగలాగ చేస్తున్నారు. గడ్డకట్టిన ఏటి మీద వేల కన్నాలు పెడతారు, లక్షల మంది వస్తారు.

మా తాజంగి ఎందుకు గడ్డకట్టదు?

మాకూ చలి తక్కువేం కాదు. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. దాన్ని కొర్రబయలు అని కూడా అంటారు. రాత్రి బయట ఉండిపోయినవాడు పొద్దున్నకి కర్రలాగ బిగిసిపోతాడని ఆ పేరు. తాజంగి దానికి దగ్గరే. (2022 ఏప్రిల్ వరకు మేము విశాఖపట్నం జిల్లా, ఆ తరవాత అల్లూరి సీతారామరాజు జిల్లా అయ్యాము.) డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు 2, 3 డిగ్రీలకి దిగిపోతుంది. పొద్దున్నే గడ్డి మీద మంచు తెల్లగా ఉప్పు చల్లినట్టు గడ్డకట్టి కనిపిస్తుంది. మరి రిజర్వాయరు ఎందుకు గడ్డకట్టదు?

గడ్డిపరక పల్చటిది, దానిలో వేడి ఎంతో ఉండదు, ఒక్క రాత్రిలో పోతుంది. రిజర్వాయరు అలా కాదు. నీళ్ళు వేడెక్కడానికీ చల్లబడడానికీ చాలా సమయం పడుతుంది. పైగా పైనీళ్ళు చల్లబడగానే బరువై కిందికి దిగి, కింది వెచ్చటి నీళ్ళు పైకి వస్తాయి. ఇలా ఉన్న నీళ్ళన్నీ 4 డిగ్రీలకి చేరితేగానీ పైన గడ్డకట్టడం మొదలవదు. మాకు ఆ చలి నాలుగైదు గంటలే. తెల్లారితే ఎండ వచ్చేస్తుంది. లడఖ్‌లో అయితే నెలల తరబడి పగలు కూడా సున్నా కంటే కిందే ఉంటుంది. అందుకే అక్కడ పాంగాంగ్ సరస్సు ఉప్పునీళ్ళదైనా గడ్డకడుతుంది.

ఈ మాట అయ్యకి చెప్తే నవ్వాడు. "గడ్డకట్టడం ఏటి పిల్లా, తెల్లారగట్ల చేతులు కొంకర్లు పోతే నేను నీళ్ళలోనే పెట్టి కాచుకుంటాను. గాలి కంటే నీళ్ళే వెచ్చగ ఉంటాయి" అన్నాడు. నిజమే, పొద్దున్న రిజర్వాయరు మీద పొగ లేచేది అందుకే. నీళ్ళ ఆవిరి చల్లగాలి తగిలి పొగమంచు అవుతుంది. అయ్య పుస్తకం చదవలేదు గాని పుస్తకంలో ఉన్నది ఆయన చేతులకి తెలుసు.

కానీ ఆ వెచ్చదనమే మోసం చేసింది.

మా మావకి జరిగింది

భోగి ముందు రోజు తెల్లవారుజామున అయ్య, మావ వల తీయడానికి వెళ్ళారు. లారీ ట్యూబుల మీద వెదుర్లు కట్టిన తెప్పలు ఉంటాయి, చెరొక తెప్ప మీద. నేను గట్టు మీద బుట్ట పట్టుకుని నిలబడ్డాను. పొగలో వాళ్ళు కనపడలేదు, మాటలే వినపడుతున్నాయి. వలకి పెద్ద బొచ్చె పడింది కాబోలు, మావ వంగి లాగాడు. తెప్ప ఒరిగిపోయింది. ధబ్బుమని చప్పుడు వచ్చింది.

మావకి ఈత చిన్నప్పటి నుంచి వచ్చు. అందుకే నేను ముందు భయపడలేదు. కానీ "చేతులు రాట్లేదు, చేతులు రాట్లేదు" అని అరిచాడు. తరవాత అరుపు కూడా లేదు. అయ్య పొగలో మాట వచ్చిన వైపు తోసుకుపోయి గెడకర్ర అందించాడు. మావ కర్ర పట్టుకోలేకపోయాడంట, వేళ్ళు ముడుచుకోలేదంట. ఆఖరికి అయ్య చొక్కా పట్టుకుని తెప్ప మీదికి లాగాడు. గట్టుకి తెచ్చేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి, మాట ముద్దగా వస్తోంది. ఒక పెద్దాయన జీలుగు కల్లు పట్టమన్నాడు. నర్సమ్మ వచ్చి వద్దంది. తడి బట్టలు విప్పించి, పొడి రగ్గు చుట్టి, కొంచెం తెలివి వచ్చాక వెచ్చటి బెల్లం టీ పట్టించింది. దేవుడి దయ, బతికాడు.

నేను స్కూలుకి వచ్చాక సారుని అడిగాను, వెచ్చటి నీళ్ళలో ఎందుకలా అయిందని. ఆయన చెప్పింది ఇదే. నీళ్ళు గాలి కంటే వెచ్చన కావచ్చు, కానీ మన వొంటి కంటే చాలా చల్లన. మన వొంటి వేడి 37 డిగ్రీలు. నీళ్ళు గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేసుకుంటాయి. చేతులు ముంచినప్పుడు అది తెలియదు, వొళ్ళంతా మునిగితే తెలుస్తుంది. ముందు వేళ్ళు, తరవాత చేతులు, కాళ్ళు పనిచేయడం మానేస్తాయి. ఈత వచ్చినా లాభం లేదు. కల్లు తాగితే చర్మం కింద రక్తనాళాలు వెడల్పై వెచ్చగా అనిపిస్తుంది, కానీ లోపలి వేడి ఇంకా బయటికి పోతుంది.

వాళ్ళు కొలుస్తారు, మనం కొలవం

గడ్డ మీద చేపలు పట్టేవాళ్ళు గడ్డని కొలవకుండా కాలు పెట్టరు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం వాళ్ళ లెక్క ప్రకారం మనిషి నడవాలంటే గట్టి, తేట గడ్డ కనీసం 4 అంగుళాల మందం ఉండాలి. తెల్లగా ఉన్న గడ్డకి బలం సగమే, అందుకని రెట్టింపు మందం కావాలి. నడుస్తూ కొంత దూరానికొకసారి కన్నం పెట్టి మళ్ళీ కొలుస్తారు. లైఫ్ జాకెట్ వేసుకుంటారు. గడ్డ విరిగి పడితే పట్టుకుని పైకి రావడానికి రెండు మేకుల పిడులు మెడలో వేసుకుంటారు. ఎక్కడికి పోతున్నారో ఇంట్లో చెప్పి పోతారు. 2020లో చలి చాలక గడ్డ సరిగా కట్టలేదని హ్వాచన్ పండగనే వాయిదా వేశారు.

మనకి "దిగితేగానీ లోతు తెలియదు" అని సామెత ఉంది. కానీ దిగాక తెలిసి ఏం లాభం? మావ ఇరవై ఏళ్ళ నుంచి అవే నీళ్ళలో ఉన్నాడు. తెలిసిన నీళ్ళని ఎవరూ కొలవరు. తాజంగిలో చూడడానికి వచ్చినవాళ్ళు బోటు ఎక్కితే ముందు లైఫ్ జాకెట్ వేసుకోమంటారు. చేపలు పట్టి బతికే వాళ్ళకి మాత్రం ఎవరూ చెప్పరు, మేమూ అడగలేదు.

సెలవులకి ఇళ్ళకి వెళ్ళే స్నేహితులారా, చెరువు, గెడ్డ, రిజర్వాయరు దగ్గర ఊళ్ళు మనవి. మీ ఇంట్లో ఈ మాటలు చెప్పండి:

1. చలికాలంలో ఎండ పడ్డాకే నీళ్ళ మీదికి వెళ్ళాలి. పొగలో పడిపోయిన మనిషి కనపడడు.
2. ఒంటరిగా వెళ్ళకూడదు. గట్టు మీద ఒక మనిషి ఉండాలి.
3. లైఫ్ జాకెట్ లేకపోతే బిరడా గట్టిగా బిగించిన ఖాళీ నూనె డబ్బా నడుముకి కట్టుకోవాలి. మా తాత ఎండిన ఆనపబుర్ర కట్టుకునేవాడట. మనం దాన్ని పాతకాలం అని వదిలేశాం.
4. తెప్పకి చుట్టూ తాడు కట్టాలి, కొసలు ఉచ్చులాగ ముడివేయాలి. వేళ్ళు పనిచేయకపోయినా మోచెయ్యి దూర్చొచ్చు.
5. చలి పట్టిన మనిషికి తడి బట్టలు తీసి పొడివి చుట్టాలి. మంట దగ్గరికి లాగకూడదు, చేతులు గట్టిగా రుద్దకూడదు. సారా, కల్లు పట్టకూడదు. వెంటనే ఆసుపత్రికి కబురు పెట్టాలి.

నేను తిరిగి వచ్చే రోజు మావ తెప్పకి నేనూ, అమ్మా కలిసి తాడు కట్టాం. రెండు నూనె డబ్బాలు కూడా ఇచ్చాం. మావ "నన్ను చూసి ఊరు నవ్వుతాదే" అన్నాడు. "నవ్వనీ" అంది అమ్మ. డబ్బా కట్టుకునే వెళ్ళాడు.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. సెలవులకి పంపే ముందు ప్రార్థనలో ఈ ఐదు మాటలు ఒకసారి అందరికీ చదివి వినిపించమని కోరుతున్నాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని